తోలు పనికి 1541 తరహా మిషను: బెడ్డు మీది చిన్న బటన్ గురించి

వాకింగ్ ఫుట్ మిషను (సూదీ పాదమూ కూడా తోలుతోపాటు జరిగే మిషను) కొనబోయేవాళ్ళు మోటారు ఎన్ని వాట్లు, పాదం ఎంత ఎత్తు లేస్తుంది, ఎంత మందం కుడుతుంది అని అడుగుతారు. ఆ లెక్కలు ఏ కేటలాగులోనైనా దొరుకుతాయి కాబట్టి ఇక్కడ రాయను. బ్యాగులూ పర్సులూ కుట్టే కార్ఖానాలో ఏళ్ళ తరబడి వాడాక, ఈ మిషనులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది బెడ్డు మీదుండే చిన్న బటన్. అది సేఫ్టీ క్లచ్‌ను తిరిగి కూర్చోబెట్టే బటన్.

జూకీ డీఎన్‌యూ-1541లో రెండు రకాలున్నాయి. పేరు చివర ఎస్ అక్షరం ఉన్నదాంట్లో క్లచ్ ఉంటుంది, లేనిదాంట్లో ఉండదు. కుట్టులో తేడా ఏమీ తెలియదు కాబట్టి ధర తగ్గుతుందని చాలామంది ఎస్ లేనిది తీసుకుంటారు. అదే నమూనాలో వేరే కంపెనీల మిషన్లు కూడా మార్కెట్లో బోలెడు. మా దగ్గర నడుస్తున్నది వాటిల్లో ఒకటి, క్లచ్ ఉన్నదే.

క్లచ్ చేసే పని ఇది. పై షాఫ్టు నుంచి పళ్ళ బెల్టు కింది షాఫ్టును తిప్పుతుంది, కింది షాఫ్టు హుక్‌ను, అంటే సూది తెచ్చిన పై దారాన్ని అందుకునే భాగాన్ని, తిప్పుతుంది. హుక్‌లో దారం ఇరుక్కుని అది మొరాయించినప్పుడు, మోటారు బలమంతా దాని మీద పడకుండా మధ్యలో క్లచ్ విడిపోతుంది. క్లచ్ లేకపోతే ఆ బలం ఎక్కడో ఒకచోట దెబ్బ తీస్తుంది. హుక్ స్క్రూలు జారి టైమింగ్ (సూదీ హుక్కూ కలిసే అదను) తప్పుతుంది, లేదా బెల్టు ఒక పన్ను దాటుతుంది, లేదా వంగిన సూది తగిలి హుక్ మొన చిట్లుతుంది. మొదటి రెండూ మెకానిక్ వచ్చి సరిచేసేవి. మూడోదైతే చాలాసార్లు కొత్త హుక్కే.

మాదాంట్లో ఇది అక్కరకొచ్చింది హ్యాండిల్ పనిలో. హ్యాండిల్ బ్యాగు బాడీకి కలిసేచోట నాలుగు పొరల తోలు, మధ్యలో గట్టి పట్టీ, అంతా కలిపి ఎనిమిది మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దారం 20 నంబరు బాండెడ్ నైలాన్. కుట్టు ఇలా మొదలుపెట్టగానే టక్కుమని ఒక చప్పుడు. ఆ తర్వాత సూది మామూలుగానే దిగుతోంది, లేస్తోంది, కానీ కుట్టు పడటం లేదు. కింది దారం పైకి రావడం లేదు. చేతిచక్రం అంతకుముందుకన్నా తేలిగ్గా తిరుగుతోంది.

ఈ లక్షణాలు చూడగానే, బట్టల మిషన్లకు అలవాటుపడిన మెకానిక్కులు ‘టైమింగ్ పోయింది’ అని తేల్చేస్తారు. వచ్చినతను నేరుగా హుక్ స్క్రూల మీద స్క్రూడ్రైవర్ పెట్టబోతే అక్కడే ఆపాలి. హుక్ మీది జారుడు ప్లేటు తెరిచి, చక్రం చేత్తో తిప్పుతూ హుక్‌ను చూడాలి. టైమింగ్ తప్పితే హుక్ తిరుగుతూనే ఉంటుంది, సూదిని కలిసే చోటు మాత్రమే మారుతుంది. చక్రం తిరుగుతున్నా హుక్ కదలకుండా ఉంటే క్లచ్ విడిపోయిందన్నమాట. ఈ తేడా చూడకుండా, క్లచ్ విడిపోయి ఉన్నప్పుడే టైమింగ్ పెడితే, తర్వాత క్లచ్ కూర్చోగానే పెట్టిన టైమింగ్ తప్పయిపోతుంది. అప్పుడు లేని రోగం నిజంగానే వస్తుంది.

తిరిగి కూర్చోబెట్టడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. ముందు స్విచ్ ఆపాలి. సర్వో మోటారైతే ఇది మరీ ముఖ్యం, పెడల్‌కు కాలు తగిలినా మిషను కదులుతుంది. సూది తీసేసి, బాబిన్ తీసి, హుక్ చుట్టూ చుట్టుకున్న దారాన్ని చిన్న కత్తెరతో ముక్కలు చేసి పట్టకారుతో లాగాలి. ఒక్క పోగు మిగిలినా మళ్ళీ బిగుస్తుంది. బ్రష్షుతో తోలు పొడి దులిపి, హుక్ తిరిగే గాడిలో ఒక చుక్క మిషన్ ఆయిల్ వేయాలి. తర్వాత బెడ్డు మీది బటన్ నొక్కిపట్టి, చక్రాన్ని మామూలుగా తిరిగే దిశకు ఎదురు దిశలో తిప్పాలి. ఒకచోట బిగుసుకుంటుంది. కొత్తవాళ్ళు అక్కడ ఏదో విరుగుతుందని భయపడి వదిలేస్తారు. వదలకుండా బలంగా తిప్పితే క్లిక్కుమని కూర్చుంటుంది. పాత చోటే కూర్చుంటుంది కాబట్టి టైమింగ్ ముట్టుకోవాల్సిన పని ఉండదు. మెకానిక్ కోసం రోజంతా ఎదురుచూడాల్సిన పని పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఆర్డరు ఇవ్వాల్సిన రోజైతే దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

అయినా వెంటనే మోటారు వేయకూడదు. కొత్త సూది పెట్టి, దారం లేకుండా చక్రం చేత్తో నాలుగైదు చుట్లు తిప్పి చూడాలి. సూది అట్టడుగు నుంచి రెండు మిల్లీమీటర్ల పైచిలుకు లేచేసరికి హుక్ మొన సూది నొక్కులోకి (కన్నం వెనక ఉండే పల్లంలోకి), కన్నానికి కొంచెం పైగా రావాలి. సూదికీ మొనకూ మధ్య పలచని కాగితమంత సందు చాలు. పాత నైలాన్ సాక్సు ముక్కతో మొనను ఒకసారి తుడవాలి. పోగు పట్టుకుంటే మొన మీద గరుకు ఉన్నట్టే. 1000 నంబరుకు పైన ఎమరీతో ఆ గరుకును మాత్రమే నున్నచేయాలి, మొన ఆకారం మారకూడదు.

ఇక అసలు దారం ఎందుకు ఇరుక్కుంది? మామూలుగా మూడు కారణాలు చెబుతారు. మొదటి కుట్లలో దారాల కొసలు పట్టుకోకపోవడం, తోలు అంటించే సొల్యూషన్ తడి ఆరకముందే కుట్టడం, దారానికి తగని సూది. మూడూ నిజమే. కొసలు ఏడెనిమిది సెంటీమీటర్లు వదిలి, మొదటి రెండు మూడు కుట్లు పడేదాకా పట్టుకోవాలి. సొల్యూషన్ తడిగా ఉంటే సూదికి అంటుకుని లూపు సరిగా విచ్చుకోదు, హుక్ మొన దాన్ని అందుకోలేదు. సూది సంగతికొస్తే, 40 నంబరు దారానికి 18 సూది, 20 నంబరుకు 22 సూది. తోలుకు 135×16 వాడాలి, దాని మొన తోలును కోసుకుంటూ దిగుతుంది. 135×17 గుండ్రటి మొనది, బట్టకూ కాన్వాసుకూ వాడేది. రెండూ ఒకే మిషనులో పడతాయి కాబట్టి దుకాణంలో అడక్కపోతే ఏది చేతిలో పెడతారో తెలియదు.

కానీ మాదాంట్లో కారణం ఈ మూడిట్లో ఏదీ కాదు, ఓపెనర్. బాబిన్ కేస్ హుక్‌తోపాటు తిరిగిపోకుండా దాని ముక్కు సూది ప్లేటుకు ఆని ఆగుతుంది. పై దారం ఆ ముక్కుకూ ప్లేటుకూ మధ్య నుంచే జారి పైకి పోవాలి. సరిగ్గా ఆ క్షణంలో ఓపెనర్ అనే చిన్న వేలు కేస్‌ను కొద్దిగా వెనక్కి లాగి దారి ఇస్తుంది. 40 నంబరు దారానికి పెట్టిన సందు 20 నంబరుకు చాలదు, 20 నంబరు దారం బరువులో దాదాపు రెట్టింపు. పలచటి తోలు మీద దారం ఎలాగో లాక్కుని వెళ్తుంది, అందుకే పర్సుల పనిలో ఈ లోపం బయటపడదు. మందం పెరిగి లాగుడు ఎక్కువైన చోట దారం అక్కడే ఆగి హుక్‌కు చుట్టుకుంటుంది. సరిచేయడం తేలిక. ఓపెనర్ కేస్‌ను పూర్తిగా లాగి ఉన్నప్పుడు చక్రం ఆపి, వాడబోయే దారం ముక్కనే ఆ సందులో పెట్టి లాగాలి. పట్టేస్తే ఓపెనర్ స్క్రూ వదులుచేసి, దారం ఆనకుండా జారేలా జరిపి బిగించాలి. దారం నంబరు మార్చిన ప్రతిసారీ సూదితోపాటు దీన్నీ చూసుకోవాలి.

క్లచ్ మీద ఇంత ఇష్టం ఉన్నా రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. పైన రాసిన మూడు నష్టాల్లో మూడోదానికి, అంటే మొన చిట్లడానికి, ఇది పూర్తి భరోసా కాదు. కుట్టేటప్పుడు తోలును చేత్తో వెనక్కి లాగితే సూది వంగి హుక్‌కు తగులుతుంది. ఆ దెబ్బ క్లచ్ విడిపోయేలోపే మొనకు తగిలిపోతుంది. ఈ మిషనులో సూదీ, లోపలి పాదమూ, కింది పళ్ళూ కలిసి తోలును జరుపుతాయి, చేయి దారి చూపిస్తే చాలు. రెండోది, క్లచ్ ఉంది కదా అని కారణం వెతక్కుండా కూర్చోబెట్టుకుంటూ పోతే దాని పట్టు తగ్గుతుంది. మాదాంట్లో ఈ మధ్య దారం ఇరుక్కోకపోయినా మందమైన చోట ఒకటి రెండుసార్లు విడిపోయింది. అలాంటప్పుడు కొందరు ఇక విడిపోనంత గట్టిగా బిగించేస్తారు. అలా బిగిస్తే క్లచ్ ఉన్నా లేనట్టే.

మిగతావి క్లుప్తంగా. గరుకు పాదాలు తోలు మీద గీతలు వదులుతాయి, నునుపు పాదాల జత విడిగా కొనుక్కోవాలి. అడుగువైపు పళ్ళ గుర్తులు, ముఖ్యంగా వెజ్ ట్యాన్ (చెట్ల బెరడుతో పదును చేసిన) తోలు మీద, పూర్తిగా పోవు. పాదం ఎత్తు అవసరానికి మించి పెట్టకండి, చప్పుడు పెరుగుతుంది, వేగం తగ్గించాల్సి వస్తుంది. సర్వో మోటారుకు చిన్న పుల్లీ వేస్తే నెమ్మదిగా నడిచేటప్పుడు సూది ఆగిపోకుండా దిగుతుంది, బెల్టు పొడవు మాత్రం మారుతుంది.

సెకండ్‌హ్యాండ్ మిషను చూసేటప్పుడు బటన్ ఉందో లేదో చూడటంతో ఆగకండి. దాన్ని నొక్కిపట్టి చక్రం నెమ్మదిగా తిప్పాలి. ఒకచోట బటన్ లోపలికి దిగి చక్రం ఆగాలి. దిగకపోతే తుప్పో, ఎండిన నూనెతో కలిసిన తోలు పొడో లోపల పట్టేసి ఉండొచ్చు, ధర మాట్లాడేటప్పుడు అది లెక్కలోకి రావాలి.

చెన్నై పెరియమేట్ లాంటి తోలు బజారు పక్కనే ఉండి, వాకింగ్ ఫుట్ తెలిసిన మెకానిక్ పిలిస్తే పలికేచోట క్లచ్ లేకపోయినా పని నడుస్తుంది. పలచటి తోలు, 40 నంబరు దారం తప్ప వాడనివాళ్ళకూ దాని అవసరం తక్కువే. మందమైన బెల్టులు, గుర్రపు జీన్ల పనికైతే 1541 తరహా అసలు సరిపోదు, 441 తరహా బరువు మిషను చూడాలి. బ్యాగు తయారయ్యాక పక్కలు కుట్టేవాళ్ళకు ఫ్లాట్ బెడ్డు కన్నా సిలిండర్ ఆర్మ్ (బ్యాగును తొడిగి కుట్టగల గొట్టంలాంటి చేయి) ఉన్నది నయం. మాలాగా ఒకే మిషను మీద పర్సూ హ్యాండిలూ రెండూ కుడుతూ, దారం నంబరు తరచూ మారుస్తూ, మెకానిక్ దూరంగా ఉన్నచోటైతే, ఎస్ లేని మిషను ఎంత తక్కువకు వచ్చినా నేను తీసుకోను.