బీఫ్ తినని వాళ్లు లండన్ పాత హోటళ్లకి వెళ్తే

లండన్‌లో చికెన్ రోస్ట్ ఆర్డర్ చేశాం కదా, ప్లేటులో చికెన్ తప్ప ఇంకే మాంసమూ ఉండదని నమ్మకండి. మా నాన్నగారు నమ్మారు.

నవంబరులో ఆయన తెనాలి నుంచి వస్తే, నేనూ మా ఆవిడా లండన్ తిప్పి చూపించాం. బస గురించి చెప్పడానికేమీ లేదు. గది రాత్రికి 94 పౌండ్లు, వేడినీళ్లు వచ్చాయి, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. టవర్, గ్రీనిచ్ చూశాం. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాల దగ్గర మాత్రం నాన్నగారు ఒక పట్టాన కదల్లేదు. "మన పక్కూరి రాళ్లు చూడ్డానికి విమానం ఎక్కాల్సొచ్చింది" అని గొణుగుతూనే ఒక్కొక్కటీ చూశారు. అక్కడ టికెట్ లేదు.

అసలు గొడవ ఆదివారం భోజనం దగ్గర. ఒక పాత పబ్, పేరు రాయను. తరతరాల చరిత్ర ఉందని గుమ్మం మీద బంగారు అక్షరాల్లో రాసుకున్నారు. "మేం బీఫ్ తినం, చికెన్ ప్లేటులో ఎక్కడా బీఫ్ లేదు కదా?" అని ముందే అడిగాను. "లేదు సర్, చికెనే" అంది వడ్డించే అమ్మాయి. మూడు రోస్ట్‌లు, ఒక్కోటి 19.50 పౌండ్లు. చికెన్ చప్పగా ఉంది కానీ, బంగాళాదుంపలు పైన కరకరలాడుతూ లోపల మెత్తగా అదిరిపోయాయి. నాన్నగారు మా ఆవిడ ప్లేటులోవి కూడా తీసుకున్నారు. ఎలా చేస్తారమ్మా అని మా ఆవిడ అడిగితే, ఆ అమ్మాయి మురిసిపోతూ చెప్పింది: "బీఫ్ డ్రిప్పింగ్‌లో!" అంటే బీఫ్ కాల్చేటప్పుడు కారే కొవ్వు. పక్కనున్న యార్క్‌షైర్ పుడ్డింగ్ (తీపి కాదు, మైదా, గుడ్లు, పాల పిండితో కాల్చిన పొంగు రొట్టె) కూడా అందులో చేసిందేనట.

నాన్నగారు ఏమీ అనలేదు. లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

మేనేజర్ క్షమాపణ చెప్పడానికి బదులు అలర్జీల ఫైలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఇక్కడి చట్టం ప్రకారం గోధుమ, పాలు, గుడ్లు, నువ్వులు, ఆవాలు లాంటి 14 రకాలు వంటలో ఉంటే చెప్పి తీరాలి. ఆ 14లో బీఫ్ లేదు. "మా తప్పేముంది?" అన్నట్టు చూశాడు. నేనడిగింది అలర్జీ గురించి కాదు కదా! బిల్లు డ్రింకులతో 70.50, దాని మీద సర్వీస్ ఛార్జి 12.5 శాతం కలిపి 79.31. సర్వీస్ ఛార్జి ఇష్టముంటేనే ఇచ్చేదని బిల్లు మీదే ఉంది, తీసేయమన్నాను. మొహం ముడుచుకుని తీసేశాడు. మీరూ అడగండి, మొహమాటపడకండి.

మర్నాడంతా నాన్నగారు సంచిలో జంతికలతో గడిపేశారు. ఆ సాయంత్రానికి కోవెంట్ గార్డెన్ పక్కన మెయిడెన్ లేన్‌లో ఉన్న 'రూల్స్' అనే రెస్టారెంటులో టేబుల్ ముందే బుక్ చేసి ఉంది. 1798లో థామస్ రూల్ అనే ఆయన ఆల్చిప్పల కొట్టుగా మొదలుపెట్టాడు, నగరంలో అన్నిటికంటే పాత రెస్టారెంటుగా దానికి పేరు. ఎర్ర సోఫాలు, ఖాళీ లేకుండా పాత బొమ్మలతో, దుప్పి కొమ్ములతో నిండిన గోడలు. ఏడో ఎడ్వర్డ్ యువరాజుగా ఉన్నప్పుడు నటి లిల్లీ లాంగ్‌ట్రీతో పై అంతస్తుకి భోజనానికి వచ్చేవాడని చెప్తే, "వాళ్లకేం, అన్నీ తినేవాళ్లు" అన్నారు నాన్నగారు.

మా సంగతి వినగానే వెయిటర్ మెనూ మూసేశాడు. కాస్త వయసు మీద పడిన మనిషి. స్టేక్ అండ్ కిడ్నీ పుడ్డింగ్ (పిండి లోపల బీఫ్, మూత్రపిండాల ముక్కలు పెట్టి ఉడికించేది) ఎలాగూ వద్దు, దాని పై పిండిలో కూడా సూయెట్ ఉంటుంది, అది పశువు మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు అన్నాడు. మిగతావి లోపలికి వెళ్లి కనుక్కొచ్చి, ఏవి తినొచ్చో ఒక్కొక్కటీ వేలు పెట్టి చూపించాడు. నాన్నగారికి చేప, మా ఆవిడకి ఫెజంట్ పక్షి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి 1 వరకే దాని వేట, కాబట్టి సీజన్‌లోనే వెళ్లాం. వేటాడిన పక్షి కదా, సీసపు గుండు పంటికి తగలొచ్చు, మెల్లగా నమలాలి. మాంసం నాటుకోడి కంటే గట్టి, రుచి మాత్రం వదలబుద్ధి కాదు. నాన్నగారు చేప ముల్లు కూడా మిగల్చలేదు, పైగా వెయిటర్‌కి ఇంట్లో ఎంతమంది పిల్లలని అడిగారు.

సర్వీస్‌తో కలిపి 212 పౌండ్లు. ఖరీదే, ఆ మాట దాచను. షార్ట్స్, చెప్పులతో వెళ్లకండి. పూర్తి శాకాహారులైతే ఫోన్ చేసి అడిగాకే బుక్ చేయండి, అది వేట మాంసానికి పేరున్న చోటు. ఏ హోటల్లోనైనా "బీఫ్ ఉందా" అని ఆగిపోకుండా డ్రిప్పింగ్, సూయెట్ అని పేరు పెట్టి అడగండి, గ్రేవీ ఏ ఎముకలతో కాచారో కూడా కనుక్కోండి. క్రిస్మస్ ముందు వెళ్లేవాళ్లు కొట్లలో మిన్స్ పై (ఎండు పళ్లు కూరిన తీపి కజ్జికాయ లాంటిది), క్రిస్మస్ పుడ్డింగ్ కొనేటప్పుడు అట్ట వెనక చదవండి, సూయెట్ వాటిలోనూ వేస్తారు. శాకాహార సూయెట్‌తో చేసినవీ దొరుకుతాయి, వాటి మీద వెజిటేరియన్ అని ఉంటుంది.