వేషాలతో థీమ్ పార్కు గ్రూపు ప్యాకేజీ: డబ్బు కట్టేముందు ఒక్కసారి చదవండి

పండక్కి ఊరొచ్చే బ్యాచ్‌లు, వేసవి సెలవుల్లో కలుసుకునే కాలేజీ గ్రూపులు, పుట్టినరోజుకో పెళ్లిరోజుకో ఒక థీమ్ పెట్టుకునేవాళ్లు. మీలో ఎవరైనా సరదాగా వేషాలు కట్టుకుని గుంపుగా థీమ్ పార్కుకి వెళ్దామనుకుంటుంటే, అడ్వాన్స్ పంపేముందు ఇది చదవండి. మొన్న ముక్కనుమ నాడు మా బ్యాచ్‌కి బాగా తగిలింది. అసలు సంగతి ముందే చెప్పేస్తున్నాను. వేషంతో గేటు దాటనివ్వడం వేరు, వేషంతో రైడ్ ఎక్కనివ్వడం వేరు. ప్యాకేజీ అమ్మేవాడు మొదటిదాని గురించి గొంతు చించుకుని చెప్తాడు. రెండోది అడిగితే మాట మార్చేస్తాడు.

పార్కు పేరు, ఏజెంట్ పేరు రాయడం లేదు. కంప్లైంట్ ఇంకా నడుస్తోంది. పైగా ఇదే తంతు వేరే పార్కుల్లో కూడా జరిగిందని తెలిసినవాళ్లు చెప్పారు కాబట్టి, ఒక్క పేరు చూసి మిగతావన్నీ క్షేమమే అనుకోవడం కూడా మంచిది కాదు.

మాది కోనసీమలో పదో తరగతి కలిసి చదివిన బ్యాచ్. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉన్నవాళ్లు సంక్రాంతికి దిగుతారు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో అందరం కలుస్తాం. ఈసారి మర్నాడు యమలోకం దర్బారు వేషాలతో పార్కుకి పోదామని ప్లాన్ వేశారు. స్కూల్లో పౌరాణిక నాటకాలు వేసిన పిచ్చి ఇంకా దిగలేదు మావాళ్లకి. యముడు, చిత్రగుప్తుడు, నలుగురైదుగురు భటులు, మిగతావాళ్లు పాపులు. దుర్యోధనుడికి యమలోకంలో ఏం పని అని అడక్కండి, మా బెంగళూరు బావ ఒంటికి సరిపోయిన డ్రెస్సు అదొక్కటే.

ఇక ఏజెంట్ సంగతి. వాట్సాప్‌లో ఒక రంగురంగుల పోస్టర్ పంపాడు. ఎంట్రీ, అన్ని రైడ్లు, మధ్యాహ్నం భోజనం, ‘కాస్ట్యూమ్ గ్రూపులకు స్వాగతం, థీమ్ ఫోటోషూట్ ఉచితం’ అని ఉంది. తలకి 1,400, పైన జీఎస్టీ. మేం ఊరికే నమ్మేయలేదు. కిరీటాలు, గదలు ఉంటాయండి, రైడ్ల దగ్గర ఇబ్బంది పెట్టరు కదా అని ఫోన్లో అడిగాం. ఆయన సమాధానం ఇప్పటికీ వాయిస్ మెసేజ్‌గా ఉంది: ‘ఆయ్, కిరీటాలేం ఖర్మండి, ఏనుగెక్కి వచ్చినా లోపలికి పంపించే పూచీ నాదండి!’ నవ్వుకున్నాం. తర్వాత మళ్లీ వింటే తెలిసింది, ఆ మహానుభావుడు లోపలికి పంపిస్తానన్నాడే గానీ రైడ్ అన్న మాటే ఎత్తలేదు.

తెల్లారగట్ల వేషాలు కట్టుకుని మినీబస్సులో బయలుదేరాం. రావులపాలెంలో టీకి ఆగితే అరటి గెలల లోడు లారీవాళ్లు కూడా దిగొచ్చి యముడితో సెల్ఫీలు దిగారు. ఆ రోజు మొత్తానికి మా వేషాలు పనికొచ్చింది అక్కడొక్కచోటే.

పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ బ్యాగులన్నీ విప్పించారు. ముందు తినుబండారాలు పోయాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న అరిసెలు, జంతికలు, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు అన్నీ బయటే పెట్టమన్నారు. సరే, బయటి తిండి వద్దనడం చాలా పార్కుల్లో ఉన్నదే, దాన్ని వదిలేద్దాం. తర్వాత గదలు, పాశం, కత్తి. ‘ఆయుధాలు అనుమతించం’ అన్నారు. అవి అట్టతో, థర్మోకోల్‌తో చేసినవండీ అన్నా వినలేదు. క్లోక్ రూములో పెట్టుకోండి, వస్తువుకి 50 అన్నారు. కిరీటం ఒక వస్తువు, గద ఒక వస్తువు. భుజకీర్తులు జతే అయినా రెండు భుజాలవి కాబట్టి రెండు వస్తువులట!

లోపలికి వెళ్లాక అసలు కథ. మొదటి రైడ్ దగ్గరే ఆపేశారు. వేలాడే బట్టలు, పూసలు, జరీ, విగ్గు, అతికించిన మీసం, ఏదీ కుదరదు. వాటర్ స్లైడ్లు, వేవ్ పూల్ అయితే నైలాన్ డ్రెస్సు తప్పనిసరి, ముఖానికి రంగు ఉంటే పూల్‌లోకి రానివ్వరు. మా దగ్గర నైలాన్ డ్రెస్సులు లేవు. ఉన్నాయిగా కౌంటర్లో, అద్దె 120, డిపాజిట్ 200. వేషం విప్పి పెట్టుకోవడానికి లాకరు, దానికి వేరే అద్దె, వేరే డిపాజిట్. ఇరవై మందికి పైగా ఉన్నాం, లెక్క మీరే వేసుకోండి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ రూల్ తప్పు కాదు. వేలాడే గుడ్డ, జుట్టు, చున్నీ యంత్రంలో చిక్కుకుంటే ప్రాణం మీదికొస్తుంది. 2020లో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో గో కార్టింగ్ చేస్తుండగా చక్రంలో జుట్టు చిక్కుకుని ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని చనిపోయింది. నీళ్ల రైడ్లలో నూలు బట్టలు నీళ్లు పీల్చుకుని బరువెక్కుతాయి, స్లైడ్ మీద సరిగ్గా జారవు, వాటి నూగు నీటిని శుభ్రం చేసే ఫిల్టర్లకి పడుతుంది. పూసలు, జిప్పులు ఫైబర్ స్లైడ్‌ని గీకేస్తాయి, వెనకాల వచ్చేవాళ్ల ఒళ్లు కోస్తాయి. కాబట్టి రైడ్ దగ్గర ఆపిన కుర్రాడితో మేం గొడవ పడలేదు. వాడి డ్యూటీ వాడు చేశాడు. నా కోపమంతా ఆ రూల్ తెలిసి తెలిసీ ‘కాస్ట్యూమ్ గ్రూపులకు స్వాగతం’ అని పోస్టర్ వేసి అమ్మినవాళ్ల మీద. వేషంతో రమ్మని పిలిచి, వచ్చాక వేషం విప్పించి, విప్పినందుకు లాకరు డబ్బులు, కట్టుకోవడానికి ఇంకో డ్రెస్సు డబ్బులు తీసుకుంటే దాన్ని ప్యాకేజీ అనరు.

మా యముడి అవస్థ చెప్పాలి. మీసం స్పిరిట్ గమ్‌తో అతికించారు, లాగితే చర్మం ఊడొచ్చేలా ఉంది. పైన మెలితిరిగిన మీసం, కింద పార్కువాళ్ల నీలం నైలాన్ నిక్కరు, చేతిలో లాకరు టోకెన్. ఆ అవతారంలో క్యూలో నిలబడితే ఒక చిన్నపిల్ల వాళ్ల అమ్మతో ‘అమ్మా, యముడు స్నానానికెళ్తున్నాడు’ అంది. ఫ్యామిలీ గ్రూపులో ఇప్పటికీ వాడి డీపీ అదే.

ఆ రోజు మాకు అక్కరకొచ్చింది మాత్రం చిత్రగుప్తుడి చిట్టా. ఎర్ర అట్ట వేసిన పాత జమాఖర్చుల పుస్తకం, నాటకం కోసం తెచ్చింది. ఆ వేషం కట్టినవాడు ఊళ్లో సొసైటీలో గుమాస్తా, ఊరుకోలేకపోయాడు. ఎక్కడ ఎంత కట్టాం, ఎన్నింటికి, ఏ కౌంటర్లో, రసీదు ఇచ్చారా లేదా అన్నీ రాసుకుంటూ పోయాడు. డిపాజిట్లు వెనక్కి తీసుకునేటప్పుడు కొందరికి నగదు ఇచ్చి, కొందరికి ఫుడ్ కూపన్లు చేతిలో పెడితే, చిట్టా తీసి చూపించాడు. ‘ఇక్కడ డిపాజిట్ అని రాసి ఉంది బాబూ, కూపన్ అని లేదు’ అన్నాడు. కౌంటర్లో అమ్మాయి మేనేజర్‌కి ఫోన్ చేసి, మిగిలినవాళ్లకి నగదు ఇచ్చింది.

భోజనం సంగతి ఎక్కువ రాయను. కూపన్ మీద ఒంటిగంటన్నర లోపు అని చిన్న అక్షరాల్లో ఉంది, మేం డ్రెస్సులు మార్చుకునేసరికి అది కాస్తా దాటింది. ఫోటోషూట్ ‘ఉచితం’ అంటే గ్రూపుకి ఒక ప్రింటు. ఫోన్‌కి పంపాలంటే ఫోటోకి ఇంత అని బోర్డు. అప్పటికి వేషాలెక్కడ, నైలాన్ నిక్కర్లలో తీయించుకోవాలి.

సాయంత్రం క్లోక్ రూముకి వెళ్తే మా సామానంతా తడి నేల మీద గుట్టగా పడి ఉంది. కిరీటాల అద్దాలు రాలిపోయాయి, వెల్వెట్ చొక్కాల అంచులు తడిసి రంగు దిగాయి. డ్రెస్సులు అద్దెకిచ్చినాయన పాతతరం నాటకాల మనిషి. తీసుకెళ్లేటప్పుడే ‘జరీకి నీళ్లు తగలనివ్వకండి బాబూ, నల్లబడిపోద్ది’ అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. డిపాజిట్‌లోంచి 1,800 పట్టుకున్నాడు. ఆయన్ని అనడానికేమీ లేదు, ఆ డ్రెస్సులే ఆయనకి తిండిపెట్టేవి.

పార్కు ఆఫీసులో అడిగితే ‘మీ ప్యాకేజీతో మాకు సంబంధం లేదు, ఏజెంట్‌నే అడగండి’ అన్నారు. ఏజెంట్ ఫోన్ ఎత్తితే ‘పార్కు రూల్స్ నా చేతుల్లో ఉంటాయా అండి’ అన్నాడు. తర్వాత ఎత్తడమే మానేశాడు. పోస్టర్ మీద మాత్రం పార్కు లోగో ఇంతలావున ఉంది!

ఇంకొకటి బాగా గమనించండి. జీఎస్టీ అని మా దగ్గర 18 శాతం వసూలు చేశాడు. పార్కు ఎంట్రీల మీద పన్ను 2018 జనవరిలో 28 నుంచి 18కి తగ్గింది, కాబట్టి రేటు చూసి మాకూ అనుమానం రాలేదు. కానీ బిల్లు అడిగితే ‘ఎస్టిమేట్’ అని రాసిన చీటీ ఇచ్చాడు. దాని మీద జీఎస్టీ నంబరే లేదు. పన్ను వసూలు చేసేవాడు 15 అక్షరాల జీఎస్టీ నంబరుతో ఇన్వాయిస్ ఇవ్వాలి. ఆ నంబరు జీఎస్టీ పోర్టల్లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వచ్చేస్తుంది, అర నిమిషం పని. నంబరు ఇవ్వనివాడికి పన్ను కట్టడమంటే వాడి జేబులో పెట్టడమే. డబ్బు కూడా ఏజెంట్ సొంత యూపీఐకి వెళ్లింది. యూపీఐలో మనమే పిన్ కొట్టి పంపాక వెనక్కి తెచ్చుకోవడం మన చేతుల్లో ఉండదు. క్రెడిట్ కార్డుతో కడితే కనీసం బ్యాంకులో అభ్యంతరం చెప్పుకునే దారి ఉంటుంది. ఇలాంటి గ్రూపు బుకింగ్‌లో తలా కొంత పంపకుండా, పార్కు సొంత కౌంటర్‌కో సైట్‌లోనో ఒకరి కార్డు మీద కట్టేసి, తర్వాత మనలో మనం పంచుకోవడం నయం.

మేం 1915 నంబరుకి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాం. తెలుగులో మాట్లాడారు. పోస్టర్, వాయిస్ మెసేజ్, ఎస్టిమేట్ చీటీ, చిట్టాలో పేజీల ఫోటోలు పెట్టాం. ఇది కోర్టు కాదు, మన ఫిర్యాదు అవతలివాళ్లకి పంపి రాజీకి చూస్తారు. క్లోక్ రూము డబ్బులు వెనక్కి ఇస్తామని పార్కు నుంచి కబురొచ్చింది. ఏజెంట్ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

అది తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మన వైపు కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక పార్కు ఎక్కడున్నా మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వేయాలి. సేవ అమ్మి బిల్లు ఇవ్వకపోవడం, తప్పుదోవ పట్టించే ప్రకటన వేయడం, రెండూ ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. ఇంత చిన్న మొత్తానికి ఎవరు తిరుగుతారులే అన్న ధీమాతోనే ఇలాంటి ప్యాకేజీలు నడుస్తున్నాయని నా నమ్మకం.

వేసవికి ప్లాన్ వేసుకునేవాళ్లు పార్కు అధికారిక నంబరుకే మెసేజ్ పెట్టండి, ఏజెంట్‌కి కాదు. ఫోన్లో అడక్కండి, రాతలో అడగండి. ఏ ఏ రైడ్లకి వేషంతో ఎక్కనిస్తారు, ముఖానికి రంగు ఉంటే పూల్‌లోకి రానిస్తారా, నైలాన్ డ్రెస్సు ఇంటి నుంచి తెచ్చుకోవచ్చా, వేషాల సామాను ఎక్కడ పెడతారు, పాడైతే ఎవరిది బాధ్యత, డిపాజిట్ నగదుగా ఇస్తారా. వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ పార్కుని వదిలేయండి. నైలాన్ డ్రెస్సులు మాత్రం ఎలాగూ సొంతవి కొనుక్కోండి, రెండు మూడు అద్దెల డబ్బుతో ఒకటి వచ్చేస్తుంది. డ్రెస్ షాపులో సామాను తీసుకునేటప్పుడు ప్రతి కిరీటానికీ, ప్రతి అంచుకీ అక్కడే ఫోటో తీసుకోండి, పార్కు క్లోక్ రూములో ఇచ్చేముందు మళ్లీ తీసుకోండి. మా దగ్గర మొదటివి ఉన్నాయి, రెండోవి లేవు. అందుకే ఆ 1,800 గురించి పార్కువాళ్లు ఇంకా వాదిస్తున్నారు.

ఇలాంటి ప్యాకేజీ కొని దెబ్బతిన్నవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే మీ పోస్టర్లు, చీటీలు పారేయకండి. 1915కి మీ వైపు నుంచి కూడా ఒక ఫిర్యాదు పెట్టి, వాళ్లిచ్చే డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, దగ్గర ఉంచుకోండి.