పక్క స్టేట్‌లో ట్రాఫిక్ టికెట్ పడితే ఏది మేలు: కట్టేయడమా, మనమే వాదించుకోవడమా, లాయర్‌ని పెట్టుకోవడమా?

2023 వేసవిలో న్యూజెర్సీ నుంచి టెన్నెసీ వైపు స్మోకీ మౌంటెన్స్ చూద్దామని కారులో బయల్దేరాం. వర్జీనియాలో ఐ-81 మీద, స్పీడ్ లిమిట్ 70 ఉన్నచోట కాప్ ఆపాడు. రాడార్‌లో 86 వచ్చిందన్నాడు. పదహారే కదా ఎక్కువ, ఓ రెండొందల డాలర్లు వదిలిపోతాయి అనుకున్నాను. వెనక సీట్లో పిల్లలు నిద్రలేచి బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు. ఆయన చూపించినచోట సంతకం పెట్టి, ఇచ్చిన కాగితం చదవకుండానే మడిచి గ్లవ్ బాక్స్‌లో పడేశాను.

ఇంటికి తిరిగొచ్చాక ఫైన్ కట్టేద్దామని క్రెడిట్ కార్డు పక్కన పెట్టుకుని కోర్టు వెబ్‌సైట్ తెరిచాను. నా పేరు మీద కేసు కనిపించింది, కట్టే దారి మాత్రం లేదు. అప్పుడు కాగితం విప్పి మొదటిసారి సరిగ్గా చదివాను. అందులో రాసింది స్పీడింగ్ అని కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్, అంటే నిర్లక్ష్యంగా, ప్రమాదకరంగా నడపడం అని. పక్కనే సెక్షన్ నంబరు 46.2-862, కింద కోర్టు తేదీ.

వర్జీనియాలో లిమిట్ కంటే 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా, లిమిట్ ఎంతున్నా సరే 85 దాటినా, రెక్‌లెస్ కిందే రాస్తారు. 2020 జులైకి ముందు ఆ గీత 80 దగ్గరే ఉండేది. ఇది క్లాస్ 1 మిస్‌డిమీనర్ (చిన్న తరహా క్రిమినల్ నేరం). గరిష్ఠ శిక్ష 12 నెలల జైలు, 2,500 డాలర్ల జరిమానా. మామూలుగా వెళ్లే స్పీడుకి జైలు దాకా పోదుగానీ, తప్పు ఒప్పుకుంటే మాత్రం క్రిమినల్ రికార్డు మిగులుతుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ సంగతి తెలిసినప్పట్నుంచి మా వాళ్లలో ఎవరికి టికెట్ పడినా నాకు ఫోన్ చేస్తున్నారు. అందరి ప్రశ్నా ఒకటే: "ఫైన్ ఎంత, లాయర్‌కి ఎంత?" ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎప్పుడూ కట్టేయడమే చవక అనిపిస్తుంది. నేను మాత్రం ముందు కాగితం మీద ఏ సెక్షన్ రాశారో చదవమంటాను. ఆ తర్వాత, కేసు ముగిశాక మన రికార్డులో ఏ మాట మిగులుతుందో చూడమంటాను. ఏ దారి మేలో ఆ రెండూ చూశాకే తేలుతుంది.

ముందుగా ఆన్‌లైన్‌లో కట్టేయడం గురించి. అయిదు నిమిషాల పని, సెలవు పెట్టక్కర్లేదు, అంత దూరం మళ్లీ వెళ్లక్కర్లేదు. కాకపోతే డబ్బు కట్టడమంటే తప్పు ఒప్పుకోవడమే. కోర్టు దాన్ని కన్విక్షన్‌గా, అంటే తప్పు రుజువైనట్టుగా రాసుకుంటుంది, ఆ కబురు మన స్టేట్‌కి చేరుతుంది. డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అనే ఒప్పందం ఉన్నది అందుకే. ఎక్కువ స్టేట్లు అందులో ఉన్నాయి. జార్జియా, టెన్నెసీ, మసాచుసెట్స్, మిచిగన్, విస్కాన్సిన్ లేవు. అలాగని ఆ అయిదింట్లో పడిన టికెట్ మన స్టేట్‌కి తెలియదనుకోవద్దు, అవి కూడా సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి.

తెలిశాక ఏం చేస్తారన్నది మాత్రం స్టేట్‌ని బట్టి మారుతుంది. న్యూజెర్సీ లైసెన్స్ ఉన్నవాళ్లకి బయట ఎక్కడ మూవింగ్ వయొలేషన్ (బండి నడుపుతూ చేసిన తప్పు) పడినా లైసెన్స్ రికార్డులో 2 పాయింట్లు. న్యూయార్క్ వాళ్లకి వేరే స్టేట్‌లో పడిన మామూలు స్పీడింగ్ టికెట్‌కి పాయింట్లు రావు, కెనడాలోని ఒంటారియో, క్వెబెక్‌లలో పడితే వస్తాయి. కాబట్టి ఒకే రోడ్డు మీద, ఒకే స్పీడుకి, ఇద్దరు స్నేహితులకి టికెట్ పడినా నష్టం ఒకటి కాదు. పక్కింటాయన కట్టేశాడు, ఏమీ కాలేదంటే మనకీ ఏమీ కాదని లెక్క వేసుకోకూడదు.

నా విషయంలో ఇంకో సంగతి ఉంది. రెక్‌లెస్ అని తేలినా, మామూలు స్పీడింగ్‌గా మారినా న్యూజెర్సీ వేసేది ఆ రెండు పాయింట్లే. పాయింట్లు మాత్రమే చూసుకుని ఉంటే లాయర్ దండగ అనుకునేవాణ్ణి. కానీ ఒక దారిలో నా మీద క్రిమినల్ కన్విక్షన్ ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు. ఇన్సూరెన్స్ కంపెనీ కూడా పాయింట్ల కంటే ముందు నేరం పేరు చూస్తుంది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. వీసా కోసం నింపే డీఎస్-160 ఫారంలో ఏ నేరానికైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని సూటిగా అడుగుతారు. వర్జీనియాలో మామూలు స్పీడింగ్ టికెట్ నేరం కాదు, రెక్‌లెస్ మాత్రం నేరమే. అలాంటి కేసులో తప్పు ఒప్పుకునే ముందు ట్రాఫిక్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా ఒక మాట అడగండి. ఇందులో బద్ధకం వద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

కట్టేశాక కూడా కొన్నిచోట్ల కథ అయిపోదు. జార్జియాలో సూపర్ స్పీడర్ చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. రెండు లేన్ల రోడ్డు మీద 75 గానీ, ఏ రోడ్డు మీదైనా 85 గానీ చేరితే, కోర్టు ఫైన్ కాకుండా స్టేట్ మరో 200 డాలర్లు వేస్తుంది. ఆ నోటీసు విడిగా, తర్వాతెప్పుడో పోస్టులో వస్తుంది. నాకు తెలిసినాయన ఒకరు కోర్టు డబ్బు కట్టేసి నిశ్చింతగా ఉండి, ఆ రెండో ఉత్తరాన్ని ఏదో మోసం అనుకుని చించేశారు. గడువు దాటాక ఇంకో 50 డాలర్లు పడింది, జార్జియాలో నడిపే హక్కు కూడా సస్పెండ్ అయింది. న్యూయార్క్‌లోనూ ఇలాంటిదే ఉంది. అక్కడి లెక్కలో 6 పాయింట్లు పోగైతే, ఏడాదికి 100 డాలర్ల చొప్పున మూడేళ్లు విడిగా వసూలు చేస్తారు. బయటి స్టేట్ లైసెన్స్ ఉన్నా వదలరు.

ఇక మనమే వాదించుకోవడం. ఇది పనికిరాని దారి అని నేను అనను, సరైనచోట చాలా బాగా పనిచేస్తుంది. కాలిఫోర్నియాలో మామూలు టికెట్లకి కోర్టుకి వెళ్లకుండా రాతపూర్వకంగానే విచారణ కోరవచ్చు. మా తోడల్లుడు టెక్సస్‌లో ఉంటాడు. లాస్ ఏంజిలెస్ వెళ్తూ టికెట్ తెచ్చుకుని టీఆర్-205 అనే ఫారం నింపి పంపాడు. ఫైన్ మొత్తం ముందే డిపాజిట్ చేయాలి, గెలిస్తే తిరిగిస్తారు. రోడ్డు ఎలా ఉంది, ట్రాఫిక్ ఎంతుంది, తన కారు ఏ లేన్‌లో ఉంది అన్నవి ఒకటిన్నర పేజీలో రాసి, నాలుగు ఫొటోలు జతచేశాడు. ఆఫీసర్ కూడా తన వాదన రాసి పంపాలి. ఆయన పంపలేదు. కేసు కొట్టేశారు, చెక్కు ఇంటికొచ్చింది. ఒకవేళ ఓడిపోయినా, తీర్పు పోస్టు చేసిన 20 రోజుల్లోపు అడిగితే మొదట్నుంచి కొత్తగా విచారణ జరుపుతారు. బయటి స్టేట్ వాళ్లకి ఇంతకంటే అనువైన ఏర్పాటు నేను చూడలేదు. అక్కడ పడిన చిన్న టికెట్‌కి లాయర్ అక్కర్లేదనే అంటాను.

న్యూజెర్సీలో టికెట్ పడినవాళ్లకీ సొంతంగా మాట్లాడుకునే వీలుంది. మునిసిపల్ కోర్టుల్లో చాలా కేసులు వీడియో మీదే నడుస్తున్నాయి. ప్రాసిక్యూటర్‌తో, అంటే అవతలి పక్షం ప్రభుత్వ లాయర్‌తో మర్యాదగా మాట్లాడితే, స్పీడింగ్‌ని అన్‌సేఫ్ డ్రైవింగ్ కిందికి మార్చడానికి తరచుగా ఒప్పుకుంటారు. మొదటి రెండుసార్లు దానికి పాయింట్లు ఉండవు, బదులుగా 250 డాలర్ల సర్‌చార్జి అదనంగా పడుతుంది. అదే న్యూయార్క్ సిటీలో అయితే ఈ బేరం అసలు కుదరదు. అక్కడ ట్రాఫిక్ కేసులు చూసే బ్యూరోలో ప్లీ బార్గెయిన్ లేదు. తప్పు ఒప్పుకోవాలి, లేదంటే హియరింగ్‌లో తేల్చుకోవాలి.

సొంత వాదనలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. "అందరూ అదే స్పీడులో వెళ్తున్నారు, నన్నే ఆపారు" అని మొదలుపెడతారు. ఆ మాటతో స్పీడుగా వెళ్లామని మనమే ఒప్పుకున్నట్టు. టెక్సస్‌లో ఇంకో చిక్కు. డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సు చేసి టికెట్ కొట్టేయించుకునే హక్కు సాధారణంగా టెక్సస్ లైసెన్స్ ఉన్నవాళ్లకీ, సైన్యంలో ఉన్నవాళ్లకీ మాత్రమే. బయటివాళ్లు డిఫర్డ్ డిస్పోజిషన్ (కోర్టు పెట్టిన షరతులు పాటిస్తే కేసు కొట్టేసే ఏర్పాటు) కావాలని అడగాలి. ఇలా ప్రతి స్టేట్‌లో ఒక మెలిక ఉంటుంది. మెలిక తెలియకుండా వెళ్తే మంచి వాదన ఉన్నా లాభం లేదు.

అందుకే పెద్ద టికెట్ దగ్గరికి వచ్చేసరికి నా మొగ్గు పూర్తిగా లాయర్ వైపే. వర్జీనియా నుంచి తిరిగొచ్చిన వారం లోపలే మా మెయిల్‌బాక్స్ లాయర్ల ఉత్తరాలతో నిండిపోయింది. కోర్టు రికార్డులు అందరికీ అందుబాటులో ఉంటాయి కాబట్టి, పేరూ అడ్రసూ చూసి పంపిస్తారు. వాటిలోంచి ముగ్గురికి ఫోన్ చేశాను. ఒకరు "గ్యారంటీగా కొట్టేయిస్తాం" అన్నారు, అక్కడితో ఫోన్ పెట్టేశాను. కోర్టులో ఫలితానికి గ్యారంటీ ఇచ్చే లాయర్‌ని నమ్మకూడదు. నేను ఎంచుకున్నాయన అదే కౌంటీ కోర్టుకి వారం వారం వెళ్లే మనిషి. ఫలానా జడ్జి దేనికి విలువిస్తారో, దేనికి విసుక్కుంటారో ఆయనకి తెలుసు. మనం డబ్బు ఇచ్చేది ఆ తెలివిడికే. మొత్తానికి ఒకటే ఫీజు, 600 డాలర్లు. కోర్టు ఖర్చులు, ఫైన్ అందులో కలవవని ముందే చెప్పారు. "కోర్టులో మీరే నిలబడతారా, ఇంకెవరినైనా పంపుతారా? నేను రావాలా?" అని అడిగాను. నా స్పీడుకి తనే నా తరఫున హాజరైతే సాధారణంగా సరిపోతుందని, 90ల్లోనో అంతకు మించో వెళ్లి ఉంటే రమ్మనేవాణ్ణని అన్నారు.

ఆ తర్వాత నాకు పని పెట్టారు. న్యూజెర్సీ నుంచి 15 డాలర్లు కట్టి డ్రైవింగ్ అబ్‌స్ట్రాక్ట్, అంటే నా డ్రైవింగ్ రికార్డు కాపీ తెప్పించాలి. స్పీడోమీటర్ సరిగ్గా చూపిస్తోందో లేదో పరీక్ష చేయించి సర్టిఫికెట్ తేవాలి. వర్జీనియా చట్టం ఆ సర్టిఫికెట్‌ని సాక్ష్యంగా తీసుకుంటుంది. ఎనిమిది గంటల డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ క్లాసు, ఎవరూ చెప్పకముందే పూర్తి చేయాలి. ఒక శనివారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని ఆ క్లాసు చేశాను. నేనొక్కణ్ణే అయితే ఈ మూడింట్లో ఒక్కటి కూడా తట్టేది కాదు.

లాయర్ ఉంటే ఇంకో మేలు, ఏం అడగాలో తెలుస్తుంది. నార్త్ కరోలినా దీనికి మంచి ఉదాహరణ. అక్కడ లిమిట్ కంటే 15 మైళ్లకి మించి వెళ్లినా, 80 దాటినా మిస్‌డిమీనర్. కట్టేయడానికి తొందరపడితే అక్కడి నడిపే హక్కుకే ముప్పు రావచ్చు. అక్కడివాళ్లు తరచు ప్రేయర్ ఫర్ జడ్జ్‌మెంట్ అనే వెసులుబాటు వాడుకుంటారు, అంటే తప్పు ఒప్పుకున్నా జడ్జి తీర్పు రాయకుండా ఆపి ఉంచుతారు. కానీ దాన్ని చాలా స్టేట్లు గుర్తించవు, కన్విక్షన్‌గానే లెక్కిస్తాయి. మనకి పనికొచ్చేది ఇంప్రాపర్ ఎక్విప్‌మెంట్‌గా (కారులో స్పీడోమీటర్ లాంటిది సరిగ్గా లేదన్న తప్పుగా) మార్పించుకోవడం, దానికి పాయింట్లు ఉండవు. లిమిట్ కంటే 25 మైళ్లు గానీ అంతకు మించి గానీ వెళ్లినవాళ్లకి ఆ దారి మూసుకుపోతుంది. అందుకని లాయర్‌తో మాట్లాడే మొదటి నిమిషంలోనే మన లైసెన్స్ ఏ స్టేట్‌దో చెప్పాలి.

చిన్న టికెట్‌కి, అంటే 9 మైళ్లు ఎక్కువ వెళ్లారనో, సీట్ బెల్ట్ లేదనో రాసినదానికి, పాత రికార్డు శుభ్రంగా ఉంటే లాయర్ కోసం పరుగెత్తమని నేను చెప్పను. సొంతంగా ఒకసారి అడిగి చూసి, కుదరకపోతే కట్టేయడం సబబే. కమర్షియల్ లైసెన్స్‌తో ట్రక్కు నడిపేవాళ్ల సంగతి వేరు. వాళ్ల కన్విక్షన్‌ని రికార్డులో కనబడకుండా చేయడాన్ని ఫెడరల్ నియమాలు ఒప్పుకోవు. అది ఉద్యోగానికి సంబంధించిన విషయం కాబట్టి ఎంత చిన్న టికెట్ అయినా లాయర్‌ని అడగాలి.

ఏమీ చేయకుండా ఊరుకోవడాన్ని ఈ పోలికలోకి తీసుకురాలేదు. 1977 నాటి నాన్ రెసిడెంట్ వయొలేటర్ కాంపాక్ట్ ప్రకారం, బయటి స్టేట్ టికెట్‌కి జవాబివ్వకపోతే మన స్టేట్ మన లైసెన్స్‌నే ఆపేయగలదు. అందులో లేని స్టేట్లు కొన్ని ఉన్నాయి, వాటిలో కాలిఫోర్నియా ఒకటి. దాన్ని నమ్ముకుని కోర్టు తేదీ వదిలేసి వారెంట్ దాకా తెచ్చుకోవద్దు.

నా కేసు పదిహేను నిమిషాల్లో తేలిపోయిందని లాయర్ ఫోన్ చేసి చెప్పారు. రెక్‌లెస్ తీసేసి మామూలు స్పీడింగ్‌గా రాశారు. ఫైన్, కోర్టు ఖర్చులు, ఆయన ఫీజు, క్లాసు అన్నీ కలిపి వెయ్యి డాలర్ల దాకా అయింది. అందులో ఒక్క డాలరు కూడా వృథా అయిందని నాకు అనిపించలేదు. కోర్టు ముద్ర ఉన్న తీర్పు కాపీ తెప్పించి పాస్‌పోర్టుల ఫైల్లో పెట్టాను. పౌరసత్వం కోసం ఎన్-400 ఫారం నింపే రోజున పోలీసులు ఎప్పుడైనా సైటేషన్ ఇచ్చారా అని అడిగితే చూపించడానికి పనికొస్తుంది. రెండు నెలల తర్వాత మరో 15 డాలర్లు కట్టి అబ్‌స్ట్రాక్ట్ మళ్లీ తెప్పించి, మా ఆవిడా నేనూ ఒక్కో లైనూ చదివాం. స్పీడింగ్, వర్జీనియా, 2 పాయింట్లు అని ఉంది. రెక్‌లెస్ అన్న మాట ఎక్కడా లేదు.