ఊలు కొనేవాళ్ళు జాగ్రత్త, లాట్ నంబరు మీద స్టిక్కరు అతికించి అమ్మాడు

ఇంకా కోపం దిగలేదు. తప్పులుంటే సర్దుకుని చదవండి. అతని పేరు రాయను. రాత్రి తొమ్మిదింటికి లైవ్ పెట్టి, "లాస్ట్ పీసులక్కా, మళ్ళీ రావక్కా" అంటూ ఊలు ఉండలు చూపిస్తాడే, అతనే. మనలో చాలామంది అతని దగ్గర కొన్నవాళ్ళమే. చలికాలం మొదలైంది కదా అని ఈ వారంలో డబ్బులు పంపబోతున్నవాళ్ళు దయచేసి ఆగండి.

మాది విజయనగరం. ఇక్కడ స్వెట్టరు వేసుకునే రోజులు నిజంగా తక్కువే. పైడితల్లమ్మ సిరిమాను పండగ అయ్యాక రాత్రుళ్ళు కాస్త చల్లబడతాయి, కార్తీకం సగానికొచ్చేసరికి తెల్లవారుజామున లేచి ఫ్యాను కట్టేస్తాం. నేను అటక మీద పెట్టె దింపి సూదులు తీసేది అప్పుడే. ఎండాకాలంలో ఊలు ముట్టుకోలేం, చేతి చెమటకి సూది మీద కుట్టు జరగదు. అందుకే ప్రతి ఏడూ ఫిబ్రవరిలో ఏదో ఒకటి సగంలో ఆగిపోతుంది. ఈసారి ఆగింది నాన్న స్వెట్టరు. ఆయనకి డెబ్బై నాలుగు, దగ్గు మనిషి, చెప్పినా వినకుండా చీకటితోనే పెద్దచెరువు గట్టు మీదకి నడకకి పోతాడు. ముందు భాగం, వెనక భాగం, కుడిచెయ్యి అయిపోయాయి. ఎడమచెయ్యి జానెడు అల్లేసరికి ఊలు చాల్లేదు.

ఇంకో ఉండ ఎక్కువ కొనిపెట్టుకోవాలని ఇన్నేళ్ళుగా అల్లుతున్నదాన్ని నాకు తెలియదా? తెలుసు. కొనలేదు. ఆ తప్పు నాదే.

కొత్తగా అల్లేవాళ్ళకి ఒక మాట. ఊలు ఉండకి చుట్టిన కాగితం పట్టీ మీద రంగు నంబరు ఒకటి, లాట్ నంబరు ఒకటి ఉంటాయి. రంగు నంబరు ఒకటే అయినా, వేరే వాయిలో అద్దిన ఊలుకి చాయ కొంచెం మారుతుంది. విడిగా పట్టుకుంటే కనబడదు, పక్కపక్కన అల్లితే గీత గీసినట్టు కనబడుతుంది. అందుకే నేను ఇక్కడి షాపులన్నీ తిరిగాను. బూడిదరంగు ఉంది, ఆ లాట్ లేదు. శ్రీకాకుళంలో ఉంటున్న మా అప్పని కూడా తిప్పాను. అక్కడా లేదు.

అప్పుడు ఇతన్ని అడిగాను. "పట్టీ ఫొటో పెట్టండి మేడమ్" అన్నాడు. పెట్టాను. పది నిమిషాల్లో "సేమ్ లాట్ మేడమ్, మూడు ఉండలున్నాయి" అని జవాబు. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఆ సంబరంలోనే మా చెల్లెలి కూతురి పురిటికని ఆరు ఉండలు మెరినో, అంటే మెత్తటి గొర్రె ఊలు, కూడా చెప్పేశాను. పిల్లకి టోపీ, మేజోళ్ళు, చిన్న దుప్పటి అల్లాలని. బూడిదరంగు మూడు ఉండలు 450, మెరినో ఉండ 360 చొప్పున 2,160, కొరియరు 120. మొత్తం 2,730 రూపాయలు. ఫోన్ పేలో పంపమన్నాడు, పంపాను. క్యాష్ ఆన్ డెలివరీ లేదన్నప్పుడైనా నేను ఆలోచించాల్సింది.

పార్సిలు పది రోజులకొచ్చింది. పట్టీ మీద లాట్ నంబరు చూశాను. 4172. నా దగ్గరున్న పాత పట్టీ మీద కూడా 4172. కళ్ళకద్దుకుని ఆ రాత్రే మొదలుపెట్టాను. ట్యూబులైటు కింద రెండు రాత్రులు కూర్చుని నలభై వరసలు అల్లాను. పదో నంబరు సూదులు, సన్న ఊలు, ఈ వయసులో నలభై వరసలంటే మెడా భుజమూ పట్టేస్తాయి. అయినా ఇష్టంగా అల్లాను.

మూడో రోజు పొద్దున్న నాన్న ఆ చెయ్యి తీసుకుని పెరట్లో ఎండలోకి పట్టుకెళ్ళాడు. ఆయన నెల్లిమర్ల జూటుమిల్లులో చేసి రిటైరయిన మనిషి, పోగు చూడందే ఏ బట్టా వేసుకోడు. అక్కడినుంచే అడిగాడు, "ఇక్కడ గీత పడిపోనాదేటమ్మా?" అని.

వెళ్ళి చూద్దును కదా, నిజమే. జానెడు వరకూ ఒక బూడిద, ఆ పైన నీలం కలిసిన ఇంకో బూడిద. ఇన్ని నెలలు పెట్టెలో ఉండి పాతది మాసిందేమో అనుకున్నాను. కుడిచెయ్యి తెచ్చి పక్కన పెట్టాను. కాదు, కొత్తదే తేడా. నంబరు ఒకటే అయితే ఇదెలా జరుగుతుందని కొత్త పట్టీ మళ్ళీ తీశాను. ఎండలో ఏటవాలుగా పట్టుకుంటే ఆ 4172 ఉన్నచోట కాగితం కొంచెం ఎత్తుగా కనబడింది. గోరుతో గీకాను. అంచు లేచింది. లాగితే సన్నటి తెల్ల స్టిక్కరు ఊడి చేతికొచ్చింది. దాని కింద అసలు అచ్చులో వేరే నంబరు.

మిగతా రెండిటివీ గీకాను. వాటికీ అంతే. అందులో ఒకదాని స్టిక్కరు కిందైతే మొదటిదానికి కలవని ఇంకో నంబరు. అంటే మూడు ఉండలూ కలిపి ఒక లాట్ కూడా కావు.

నేను పంపిన ఫొటోలో నంబరు చూసి, అదే నంబరు అచ్చు వేసి, కత్తిరించి, అతికించి నాకు పంపాడు. పొరపాటున వేరే ఉండలు వచ్చి ఉంటే నేను ఇంత బాధపడేదాన్ని కాదు. ఒక మనిషి కూర్చుని, నన్ను మోసం చెయ్యడానికి మూడు స్టిక్కర్లు కోశాడు. నాలుగువందల యాభై రూపాయల సరుక్కి! నాన్న ఏమీ అనకుండా ఆ స్టిక్కరు వేలి మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. "బేలు మారిస్తే గోనెసంచికే తెలిసిపోద్ది. ఇది ఒంటిమీద ఏసుకునేది కదమ్మా" అన్నాడు.

అప్పుడు మెరినో మీద కూడా అనుమానం వచ్చింది. రెండంగుళాల పోగు తెంపి, పెరట్లో పళ్ళెంలో పెట్టి అగ్గిపుల్ల చూపించాను. అసలు ఊలైతే మెల్లగా కాలుతుంది, మంట తీసేస్తే చాలావరకూ దానంతటదే ఆరిపోతుంది, వెంట్రుకలు కాలిన కంపు కొడుతుంది, మిగిలిన నుసి వేళ్ళతో నలిపితే పొడి అయిపోతుంది. ఇది భగ్గుమని అంటుకుని, కరిగి, నల్లటి గట్టి పూసలా అయింది. నలగలేదు. కంపు కూడా ప్లాస్టిక్ కంపే. పచ్చి బాలింత పక్కలో పసిగుడ్డుకి కప్పాలని కొన్నది అది! ఇది ఆక్రిలిక్, ప్లాస్టిక్ లాంటి కృత్రిమ పోగు. ఆక్రిలిక్ చెడ్డదని నేననను. నేనే బోలెడు అల్లాను, ఉతకడానికి తేలిక, ధరా తక్కువ. ఆక్రిలిక్ అని రాసి ఆక్రిలిక్ ధరకి అమ్మితే నేనే కొంటాను.

ఫోన్ చేశాను. మర్యాదగానే మొదలుపెట్టాను, "బాబూ, స్టిక్కరు కింద వేరే నంబరుంది" అని. ముందు తనకి తెలీదన్నాడు. కంపెనీ వాళ్ళే వేస్తారన్నాడు. "నేను ఫొటో పంపిన నంబరే కంపెనీకి ఎలా తెలిసింది?" అంటే ఒక్క క్షణం ఆగాడు. అప్పటిదాకా మేడమ్ అన్నవాడు ఏకవచనంలోకి దిగాడు. "విజయనగరంలో నీకు స్వెట్టరెందుకు? ఇంట్లో పనిలేక అల్లుకునేదానికి ఏ ఊలైతే ఏంటి?" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే బ్లాక్. అతని పేజీలో నేను రాసిన కామెంటు అరగంటలో మాయం.

డబ్బుకంటే ఆ మాటే లోపల తిరుగుతోంది. పనిలేకనా? వంటయ్యాక, గుంటలు పడుకున్నాక, కళ్ళు లాగుతున్నా అల్లేది పనిలేకనా? మా అమ్మమ్మది పొందూరు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం మీద సన్న నూలు తీసిన చేతులు ఆవిడవి. చిలప, అంటే నూలు చుట్ట, తూకానికి ఇచ్చేటప్పుడు ఒక్క పోగు తెగినా చెప్పి ఇచ్చేదట. ఆవిడ మనవరాలిని నేను. పార్సిలు రాగానే పోగు వేళ్ళ మధ్య నలిపి చూడాల్సింది, పగటి వెలుగులో పక్కన పెట్టి పోల్చాల్సింది. పట్టీ మీద అంకె చూసి నమ్మేశాను. దానికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

నిన్న 1915కి ఫోన్ చేశాను, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నమోదైంది. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు సరుక్కి అక్కడ ఫీజు లేదు. స్టిక్కర్లు, పట్టీలు, చాటింగు, డబ్బు పంపిన రసీదు అన్నీ ఒక కవర్లో పెట్టాను. మీలో ఎవరికైనా ఇలాగే జరిగి ఉంటే ఆ కాగితాలు పారెయ్యకండి, నాకు మెసేజ్ పెట్టండి, కలిసి కేసు వేద్దాం. పార్సిలు విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నేను తియ్యలేదు. పట్టీ మీద నంబరు గోరుతో గీకి చూడండి. ముందుగా డబ్బు పంపకండి.

పాతదీ కొత్తదీ రెండేసి వరసలు మార్చి అల్లితే కలిసిపోతుందని కొందరు చెబుతారు, నాకూ తెలుసు. ఈ జానెడూ విప్పి అలా అల్లినా ఎడమచెయ్యి కుడిచేతికి కలవదు. నలభై వరసలూ విప్పేశాను. నాన్న ఈ పొద్దున్న కూడా తువ్వాలు కప్పుకునే చెరువు గట్టుకి వెళ్ళాడు.

ఎవరి దగ్గరైనా బూడిదరంగు, లాట్ 4172, సన్న ఊలు మిగిలి ఉంటే చెప్పండి. రెండు ఉండలు చాలు. ఎంత చెబితే అంత ఇస్తాను, శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం ఎక్కడైనా నేనే బస్సెక్కి వచ్చి తీసుకుంటాను.