సీఎస్ఏ షేరా, ఫార్మర్స్ మార్కెట్టా, ఇండియన్ స్టోరా? మసాచుసెట్స్‌లో మన వంటింటికి ఏది మేలు?

ఫిబ్రవరిలో ఇంకా పొలాల మీద మంచు ఉండగానే మసాచుసెట్స్‌లో సీఎస్ఏ (కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్) రైతులు సభ్యుల్ని చేర్చుకోవడం మొదలుపెడతారు. జూన్ నుంచి అక్టోబరు దాకా వారం వారం కూరగాయలిస్తాం, డబ్బు మాత్రం ఇప్పుడే కట్టండి అంటారు. అలా ముందే కట్టి తీసుకునే వాటానే షేర్ అంటారు. పొలాన్ని బట్టి, షేర్ సైజుని బట్టి ధర మారుతుంది. 20 వారాల పూర్తి షేర్ 700 డాలర్లనుకుంటే వారానికి 35 పడుతుంది. సగం షేర్ దాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. ష్రూస్‌బరీ, వెస్ట్‌బరో, యాక్టన్ వైపు మనవాళ్లు కలిసిన చోటల్లా ఈ రోజుల్లో ఇదే చర్చ: అంత డబ్బు ముందే కట్టడం ఎందుకు, శనివారం ఫార్మర్స్ మార్కెట్‌లో కావలసింది కొనుక్కుంటే పోలేదా, ఎలాగూ ఇండియన్ స్టోర్ ఉండనే ఉంది కదా అని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వారంలో నాలుగైదు రోజులు ఇంట్లో వండుకుంటూ, ఎండాకాలమంతా ఇక్కడే ఉండే కుటుంబానికి సగం షేర్ మేలు. సెలవులకి ఇండియా వెళ్లేవాళ్లకీ, ఇద్దరే ఉండి ఉద్యోగాల హడావుడిలో పడే జంటలకీ ఫార్మర్స్ మార్కెట్ మేలు. ఇండియన్ స్టోర్‌కి వెళ్లే పని మాత్రం దేనివల్లా పూర్తిగా తప్పదు.

షేర్‌ని పౌండ్ల లెక్కన తూచి చూసేవాళ్లే ఎక్కువ. ఆ లెక్కా చూడాల్సిందే గానీ, ముందు ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలియాలి. విత్తనాలు, నారు పెంచే గ్రీన్‌హౌస్‌కి ఇంధనం, ట్రాక్టరు రిపేర్లు, కూలీలు, ఇవన్నీ రైతుకి మే నెలలోపే ఎదురయ్యే ఖర్చులు. అమ్మకం జూన్‌లో గానీ మొదలవదు. ఆ మధ్య నెలల్లో మన ఊళ్లలో రైతు ఎవరి గుమ్మం ఎక్కుతాడో, ఏ వడ్డీకి తెస్తాడో చెప్పక్కర్లేదు. ఇక్కడ ఆ పెట్టుబడి తినేవాళ్లే ఇస్తారు. పంట విరగకాస్తే ఎక్కువ పంచుకుంటారు, దెబ్బతింటే ఉన్నదాంతో సర్దుకుంటారు. అమెరికాలో సీఎస్ఏ పేరుతో మొదలైన తొలి పొలాలు రెండూ 1986 నాటివి. ఒకటి మసాచుసెట్స్‌లోనే, సౌత్ ఎగ్రెమాంట్‌లోని ఇండియన్ లైన్ ఫార్మ్. రెండోది న్యూ హాంప్‌షైర్‌లోని టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్. జపాన్‌లో ఇలాంటి పద్ధతి 1970ల నుంచే ఉంది. అలబామాలోని టస్కీగీలో పనిచేసిన బుకర్ టి. వాట్లీ అనే నల్లజాతి వ్యవసాయ శాస్త్రవేత్త కూడా వీటికి ముందే చిన్న రైతులకి ఈ దారి చూపించారు. ముందుగా రుసుము కట్టే సభ్యుల్ని కూడగట్టుకోండి, పంట వాళ్లే వచ్చి కోసుకుంటారు అనేది ఆయన సలహా.

ఫార్మర్స్ మార్కెట్ దీనికి భిన్నం, మన రైతు బజారుకి దగ్గర. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు వచ్చాక రైతు నేరుగా అమ్ముకోగలిగాడు, మధ్యలో దళారీ లేడు. అయినా వాన పడి జనం రాకపోతే మిగిలిన సరుకు రైతు నెత్తినే ఉంటుంది. ఇక్కడి మార్కెట్లోనూ అంతే. టెంటు వేసుకుని పొద్దున్నుంచి నిలబడ్డ రైతుకి ఆ రోజు ఎంత అమ్ముడవుతుందో తెలియదు. కొనేవాళ్ల వైపు నుంచి చూస్తే మాత్రం చాలా హాయి. నచ్చింది తీసుకోవచ్చు, నచ్చనిది వదిలేయవచ్చు, ఓ వారం వెళ్లకపోయినా డబ్బు పోదు. ఒకటే ఇబ్బంది, ధర. అదే కూరగాయ విడిగా కొంటే షేర్‌లో పడినదానికంటే సాధారణంగా ఎక్కువే అవుతుంది. స్నాప్ కార్డు (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయం) ఉన్నవాళ్లకి మసాచుసెట్స్‌లో 2017 నుంచి హిప్ అనే పథకం ఉంది. ఇందులో చేరిన మార్కెట్లలోనూ సీఎస్ఏల్లోనూ కొన్న కూరగాయలకి నెలకి ఇంత పరిమితి అని ఆ డబ్బు తిరిగి కార్డులో పడుతుంది. అర్హత ఉన్నవాళ్లు ముందు అది చూసుకోవాలి.

ఇక అసలు సంగతి, షేర్‌లో ఏమొస్తుంది, దాన్ని మనం తింటామా? చాలామంది వెనక్కి తగ్గేది ఇక్కడే. నేను మాత్రం మన వంటకి షేర్ బాగా సరిపోతుందనే అంటాను. ఏ ఆకు వచ్చినా పప్పులోకో, పచ్చడిలోకో, వేపుడులోకో వెళ్లిపోవడం మన వంటలోనే ఉంది. ఏం వండాలో ముందే అనుకుని బజారుకి వెళ్లే ఇంటికి షేర్ కష్టం. కూరగాయ చూశాక ఏం వండాలో ఆలోచించే ఇంటికి సులువు.

జూన్‌లో అన్నీ ఆకులే. స్విస్ చార్డ్‌ని పాలకూరలాగే చూసుకోవచ్చు. కందిపప్పులో వేసి చింతపండు పిండితే ఎవరూ తేడా పట్టలేరు. కేల్ పప్పులో వేస్తే పీచులా నమలాల్సి వస్తుంది. ఈనె తీసేసి సన్నగా తరిగి, వెల్లుల్లి కారం, కొబ్బరి వేసి వేయిస్తే చక్కగా ఉంటుంది. ముల్లంగి, టర్నిప్ ఆకుల్ని పారేయకుండా పెసరపప్పుతో పొడి కూర చేసుకోవచ్చు. వెల్లుల్లి గడ్డ బాగా ఊరడానికి దాని పూకాడ విరిచేస్తారు. ఆ కాడలు జూన్ నడుమ రెండు మూడు వారాలే దొరుకుతాయి. నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, చింతపండు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరితే వేడన్నంలోకి దానికి సాటి లేదు. లెట్యూస్ ఒక్కటే మనకి సమస్య. వారానికి రెండు పెద్ద లెట్యూస్‌లిస్తే మన ఇళ్లలో సగం చెత్తబుట్టలోకే వెళుతుంది. షేర్ మానేసినవాళ్లు ఎక్కువగా చెప్పే కారణం కూడా ఇదే. అందుకే ముందే సర్దిన పెట్టె ఇచ్చే పొలం కాకుండా, బల్లల మీద పరిచి ఎనిమిది రకాలు ఏరుకోమనే పొలం చూసుకోవాలి. పెట్టెలే ఇచ్చే చోట కూడా వద్దన్నవి పెట్టి వేరేవి తీసుకునే బుట్ట ఒకటి ఉంటుందేమో అడగండి.

జూలై నడిమి నుంచి జుకినీ, బీన్స్, దోసకాయ, వంకాయ, మిరప, టమాటా వరస కడతాయి. జుకినీని బీరకాయలా వండితే పచ్చడికీ, పెసరపప్పు కూరకీ పనికొస్తుంది. పెద్ద నల్ల వంకాయలు గుత్తి వంకాయకి కుదరవు గానీ, మంట మీద కాల్చి పచ్చడి చేయడానికి వాటిని మించినవి లేవు. ఆగస్టు చివరికి టమాటాలు ఇంట్లో పెట్టడానికి చోటుండదు. నిల్వ పచ్చడి పెట్టుకునే ఇంట్లో మాత్రం అదొక వరం. జూన్‌లో షేర్ విలువ కట్టిన డబ్బు కంటే తక్కువగా కనిపించినా, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ లెక్క తిరగబడుతుంది.

చాలా పొలాల్లో సభ్యులే కోసుకునే మళ్లు కూడా ఉంటాయి. చెర్రీ టమాటా, బీన్స్, మిరపకాయలు, పువ్వులు. ఆగస్టులో అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే వాళ్లని తప్పకుండా తీసుకెళ్లండి. అపార్ట్‌మెంట్‌లో కిటికీ దగ్గర కూర్చుని విసిగిపోయిన పెద్దవాళ్లు అక్కడ మట్టిలో అడుగుపెట్టగానే కొత్త ఊపిరి వచ్చినట్టుంటారు. వరసల మధ్య కలుపుగా పరుచుకున్న పర్స్‌లేన్‌ని మొదట గుర్తుపట్టేది వాళ్లే. అది మన గంగవాయిలి కూరే. పక్కనే పిగ్‌వీడ్ అని పీకేసే మొక్క తోటకూర జాతిది, లేతగా ఉన్నప్పుడు కోసుకుంటే కమ్మగా ఉంటుంది. మందులు కొట్టని పొలమేనా అని కనుక్కుని, తీసుకోవచ్చా అని అడిగితే సంచి నిండా కోసుకోమంటారు. కలుపు తీసే పని తగ్గినందుకు వాళ్లకీ సంతోషమే.

అక్టోబరులో మంచు పడే ముందు పండని టమాటాలన్నీ దింపేస్తారు. ఇక్కడివాళ్లు వాటిని పెద్దగా పట్టించుకోరు. మనకి పచ్చి టమాటా పచ్చడి చాలు, బుట్టెడు తెచ్చుకోవడానికి. బటర్‌నట్ గుమ్మడి దప్పళంలోకి, తెల్ల ముల్లంగి సాంబారులోకి వెళతాయి.

బెండకాయ, దొండకాయ, కాకరకాయ, పొట్లకాయ, కరివేపాకు, ములక్కాడలు కావాలంటే ఇండియన్ స్టోరే. ఫ్లోరిడా, మెక్సికో, హోండురాస్, డొమినికన్ రిపబ్లిక్‌ల నుంచి రోజుల తరబడి ప్రయాణం చేసి వచ్చే సరుకు కాబట్టి వాడిపోయి ఉండటం సహజం. అవి లేకుండా పూట గడవదనుకునే ఇంట్లో షేర్ తీసుకున్నా స్టోర్ బిల్లు తగ్గదు. అప్పుడు షేర్ అదనపు ఖర్చే అవుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా స్టోర్‌కి వెళ్లడం సగానికి తగ్గించుకోగలరా అన్నది ఇంట్లో వండేవాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. డబ్బు లెక్కంతా దాని మీదే ఉంది.

నష్టం సంగతి కూడా దాచకుండా చెప్పుకోవాలి. 2023 ఇక్కడి రైతులకి చాలా చెడ్డ ఏడాది. ఫిబ్రవరి చలికి న్యూ ఇంగ్లండ్‌లో పీచ్ పూమొగ్గలు మాడిపోయాయి. మేలో మంచు ఆపిల్ పూతని కొట్టేసింది. జూలైలో కనెక్టికట్ నది పొంగి నార్తాంప్టన్, హాడ్లీ, డీర్‌ఫీల్డ్ వైపు పొలాలు మునిగాయి. వరద నీళ్లు తాకిన కూరగాయని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కల్తీ సరుకు కిందే లెక్కకడుతుంది, కడిగి అమ్మడానికి వీల్లేదు. అలాంటి ఏడాది షేర్ కట్టినవాళ్లకి పెట్టె చిన్నదవుతుంది, డబ్బు మామూలుగా తిరిగి రాదు. మార్కెట్లో కొనేవాళ్లకి, స్టోర్‌లో కొనేవాళ్లకి ఆ బాధ లేదు, పక్క టేబుల్ దగ్గరికి పోతారు. తుపానుకి కోతకొచ్చిన వరి నేలకొరిగితే ఆ నష్టమంతా ఒక్క ఇంటి మీదే పడటం చూస్తూ పెరిగినవాణ్ణి నేను. రెండు వందల ఇళ్లు తలా కాస్త పంచుకునే పద్ధతి ఒకటి ఉందంటే నా వాటా నేను మోయడానికి సిద్ధమే. నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలని స్టూడెంట్లని మాత్రం ఇందులోకి దిగమని చెప్పను.

మన కుటుంబాలకి అన్నిటికంటే పెద్ద చిక్కు ఇండియా ప్రయాణం. ఇక్కడ బళ్లు జూన్ చివర్లో మూస్తారు, ఆగస్టు ఆఖర్లో తెరుస్తారు. పిల్లల్ని తీసుకుని అయిదారు వారాలు వెళ్లొస్తే సీజన్‌లో మంచి భాగం పోయినట్టే. ఆ వారాల పెట్టెని స్నేహితులకివ్వచ్చు, కొన్ని పొలాలు మీ తరఫున, లేనివాళ్లకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీకి పంపుతాయి. అయినా ఏటా వెళ్లేవాళ్లు షేర్ జోలికి పోకపోవడమే మంచిది. వాళ్లకి ఇంకో దారి ఉంది. కొన్ని పొలాలు ప్రీపెయిడ్ కార్డు అమ్ముతాయి. ఎండాకాలం ముందు ఇంత అని కడితే దాని మీద కాస్త కలిపి ఇస్తారు. వీలున్న రోజు వెళ్లి పొలం దగ్గర దుకాణంలో కావలసింది తీసుకోవచ్చు. రైతుకి డబ్బు ముందే అందుతుంది, మనకి బెంగ ఉండదు. మొదటిసారి ప్రయత్నించేవాళ్లకి నేను దీన్నే ముందు చెబుతాను.

రెండిళ్లు కలిసి పూర్తి షేర్ తీసుకోవడం మనవాళ్లలో మామూలే. అలా చేస్తే ప్రతి పెట్టెనీ చెరిసగం చేయకండి. ఒక వారం వాళ్లు, ఒక వారం మీరు తెచ్చుకోండి. సగం క్యాబేజీ, సగం నూల్‌కోల్‌తో ఎవరింట్లోనూ కూర కాదు.

ఇంటికే వచ్చే కూరగాయల పెట్టెల కంపెనీలు కూడా తమది సీఎస్ఏ లాంటిదే అంటుంటాయి. ఎన్నో చోట్ల కొని సర్ది పంపేవి అవి, వాటి సౌకర్యం వాటిది. మీ డబ్బు ఫలానా పొలానికి చేరాలనుకుంటే చేరే ముందు అడగండి: ఇచ్చేదాంట్లో సొంత పొలంలో పండేది ఎంత, బయట కొనేది ఎంత, సభ్యులే కోసుకునే మళ్లు ఉన్నాయా, ఒక వారం రాలేకపోతే ఏం చేస్తారు, డబ్బు రెండు మూడు వాయిదాల్లో తీసుకుంటారా. వాయిదాలకి చాలామంది ఒప్పుకుంటారు, అడగాలంతే.

సీజన్ అయిపోయాక చాలా పొలాలు సభ్యులకి సర్వే పంపుతాయి, ఏం ఎక్కువైంది, వచ్చే ఏడు ఏం పండించమంటారు అని. దాన్ని నింపకుండా వదిలేయకండి. గోంగూర మసాచుసెట్స్ వేసవిలో ఆకు వరకు బాగానే వస్తుంది, ఎర్ర తోటకూర వస్తుంది, మెంతికూర ఇంకా తేలిక. ఒకే పొలంలో ఉన్న అయిదారు తెలుగు ఇళ్లు కూడబలుక్కుని అదే మాట రాస్తే రైతు ఒక వరస వేసి చూడటానికి వెనకాడడు. విత్తనాల ఆర్డర్లు చలికాలంలోనే వెళ్లిపోతాయి కాబట్టి నవంబరు, డిసెంబరుల్లోనే చెప్పాలి, కావాలంటే మొదటి ప్యాకెట్ విత్తనాలు మీరే తెచ్చి ఇవ్వండి.