హెర్నియాకి కోత ఆపరేషనా, ల్యాప్రోస్కోపీయా?

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులూ, ధాన్యం బస్తాలు మోసేవాళ్లూ గజ్జల్లో ఉబ్బు వస్తే పంచె బిగించి నెట్టుకొస్తారు. నిలబడి దగ్గితే పొడుచుకొచ్చి, పడుకుంటే లోపలికి పోతుంటే అది హెర్నియా అని, అంటే పొట్ట గోడ బలహీనపడ్డ చోట లోపలి కొవ్వో పేగో బయటికి పొడుచుకొచ్చిందని డాక్టర్ చేత్తో చూసే చాలావరకు తేల్చేస్తారు, అనుమానముంటేనే స్కానింగ్.

కోత పెట్టి చేసినా, చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసినా (ఇదే ల్యాప్రోస్కోపీ), సాధారణంగా మెష్, అంటే బలహీనపడ్డ చోటికి ఆసరాగా వల లాంటి ముక్క వేస్తారు. కోత ఆపరేషన్ ఆ భాగానికే మత్తిచ్చి చేయొచ్చు. అందుకే గుండెజబ్బున్న పెద్దవాళ్లకి నా ఓటు దీనికే. ల్యాప్రోస్కోపీకి మామూలుగా పూర్తి మత్తు కావాలి, ఖర్చూ ఎక్కువే. కానీ నొప్పి తక్కువ, త్వరగా పనిలోకి వెళ్లొచ్చు. రెండువైపులా ఉన్నా, కోత ఆపరేషన్ తర్వాత మళ్లీ వచ్చినా ఇదే మేలు, చేయి తిరిగిన సర్జన్ దొరికితే.

ఉబ్బు గట్టిపడి, లోపలికి పోక, నొప్పీ వాంతులూ మొదలైతే మాత్రం ఈ బేరీజులేవీ వద్దు. పేగు ఇరుక్కుని ఉండొచ్చు. అర్ధరాత్రైనా సరే అమలాపురమో, కాకినాడో వెంటనే బయల్దేరండి.