ఐదుగురికి ఒక టికెట్టు: జర్మనీలో బ్యాక్‌ప్యాక్ ప్రయాణం

జర్మనీలో తక్కువ ఖర్చుతో తిరగాలనుకునేవారికి ఎవరైనా మొదట చెప్పే మాట డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోమని. 2023 మే నెలలో 49 యూరోలతో మొదలైన ఈ నెలవారీ పాసు 2025 జనవరిలో 58 యూరోలకు, 2026 జనవరిలో 63 యూరోలకు పెరిగింది. అయినా దేశమంతటా ప్రాంతీయ రైళ్లు, మెట్రోలు, ట్రాములు, సిటీ బస్సులు అన్నింటిలోనూ చెల్లుతుంది కనుక ఇప్పటికీ అది చౌకే. చిక్కల్లా అది క్యాలెండరు నెలకు కట్టుబడిన చందా కావడం. నెల మధ్యలో తీసుకున్నా చాలాచోట్ల పూర్తి సొమ్మే పడుతుంది. ఆ నెలతో ఆపేయాలంటే 10వ తేదీలోగా రద్దు చేసుకోవాలి. నా ప్రయాణం ఒక నెల ఆఖరి వారంలో మొదలై మరుసటి నెలలోకి సాగేది కావడంతో, రెండు నెలల సొమ్ము కట్టడం దండగనిపించి, రాష్ట్రాలవారీగా అమ్మే ఒకరోజు టికెట్ల మీద ఆధారపడ్డాను. లెక్కలు చూసుకుని చేసిన ఈ పనివల్లే నాకు దారి పొడుగునా తోడు దొరికింది.

ఆ టికెట్ల పద్ధతి ఇలా ఉంటుంది. ఉదాహరణకు బయెర్న్ టికెట్‌తో బవేరియా రాష్ట్రంలోని ప్రాంతీయ రైళ్లలో రోజంతా ఎన్నిసార్లయినా ఎక్కి దిగవచ్చు. పనిదినాల్లో ఉదయం 9 గంటల తర్వాతే అది చెల్లుతుంది. శని, ఆదివారాల్లో ఆ నిబంధన లేదు. మొదటి మనిషికి ఒక ధర ఉంటుంది, ఆపైన చేరే ఒక్కొక్కరికీ అందులో సుమారు మూడో వంతు కట్టాలి, మొత్తం ఐదుగురి దాకా చేరవచ్చు. ఐదుగురు పంచుకుంటే తలకు సగంకన్నా తక్కువే పడుతుంది. పాసు ఉన్నవాడు ఎవరితోనూ పని లేకుండా తన రైలు తాను ఎక్కుతాడు. ఈ టికెట్టు కొనదలచినవాడు మాత్రం ముందురోజు రాత్రే హాస్టల్లో పక్క మంచం మనిషిని పలకరించక తప్పదు.

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరి నుంచి నేరుగా విమానం ఉంది కనుక మన వారిలో చాలామంది ప్రయాణం అక్కడే మొదలవుతుంది. ఆ ఊరి గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు. చవక హాస్టళ్లు చాలావరకు ప్రధాన రైల్వే స్టేషన్ ఎదుటి వీధుల్లోనే ఉన్నాయి. రైలుకు అవి దగ్గరే కానీ, రాత్రి పొద్దుపోయాక ఆ వీధుల్లో మత్తుమందుల వ్యవహారం బాహాటంగా నడుస్తుంది. పెద్ద వాణిజ్య ప్రదర్శనలు జరిగే వారాల్లో అదే మంచానికి రెట్టింపు ధర పలుకుతుంది. అందువల్ల ఒక రాత్రి నిద్రపోయి మర్నాడు ఉదయమే రైన్ నది వైపు బయలుదేరడం మేలు.

రైన్ ఒడ్డున బాఖరాఖ్ అనే చిన్న ఊరుంది. దాని పైన కొండ మీద ష్టాలెక్ కోట ఉంది. 1689లో ఫ్రెంచి సేనలు ధ్వంసం చేసిన ఆ కోటను ఇరవయ్యో శతాబ్దంలో తిరిగి కట్టి యువజన వసతిగృహంగా మార్చారు. స్టేషన్‌లో దిగి, కలప చట్రాల పాత ఇళ్ల మధ్యనుంచి నడిచి, ఎర్ర ఇసుకరాతితో కట్టి ఇప్పుడు కిటికీ కమానులు మాత్రమే మిగిలిన వెర్నర్ ప్రార్థనాలయం పక్కగా మెట్లెక్కి పైకి చేరాలి. పన్నెండు కిలోల సంచి వీపున ఉన్నవాడికి ఆ మెట్లు తమ సంగతి తెలియజేస్తాయి. చేరాక మాత్రం, కోట ముంగిట పిట్టగోడ దగ్గర నిలబడి చూస్తే నది వంపు, దానిలో బొగ్గు మోసుకుపోయే పొడవాటి పడవలు, ఎదుటి ఒడ్డున నిటారు వాలులో ద్రాక్షతోటలు కనిపిస్తాయి. ఇంతటి దృశ్యం ఉన్న గది హోటల్లో అయితే నా స్థోమతకు అందేది కాదు. నాకు నచ్చని విషయం కూడా చెప్పాలి: నదికి రెండు ఒడ్డులా రైలుమార్గాలున్నాయి, రాత్రంతా గూడ్సు బండ్లు పోతూనే ఉంటాయి, ఆ చప్పుడు లోయలో మారుమోగి కొండమీదికి కూడా వస్తుంది. నిద్ర పలచగా పట్టేవారు చెవుల్లో పెట్టుకునే దూది బిళ్లలు తప్పక తెచ్చుకోవాలి.

యువజన వసతిగృహం అనే ఏర్పాటు పుట్టిందే జర్మనీలో. రిఖార్డ్ షిర్మన్ అనే బడిపంతులు 1909లో పిల్లలను కాలినడక విహారానికి తీసుకుపోయి, గాలివానలో చిక్కుకుని, ఒక పల్లెటూరి బడిలో గడ్డి పరిచి వారిని పడుకోబెట్టినప్పుడు ఆయనకు ఈ ఆలోచన వచ్చింది. తర్వాత కొన్నేళ్లకే ఆల్టెనా కోటలో తొలి శాశ్వత వసతిగృహం వెలిసింది. ఆ పుట్టుక తాలూకు స్వభావం నేటికీ మారలేదు. సభ్యత్వ కార్డు ఉండాలి. ఉదయపు ఫలహారమూ, ఉతికిన దుప్పట్లూ అద్దెలోనే కలిసి ఉంటాయి. పడక మనమే పరుచుకోవాలి. రాత్రి పది దాటితే నిశ్శబ్దం పాటించాలి. శుభ్రత విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఒంటరి ప్రయాణికుడికి ఇక్కడ తోడు దొరకడమే కష్టం. ఉన్న మంచాల్లో చాలా భాగం బడి పిల్లల బృందాలకు, పిల్లాపాపలతో వచ్చిన కుటుంబాలకు పోతుంది. అన్నిటికన్నా పెద్ద లోటు, అతిథులు వండుకోవడానికి సాధారణంగా వంటగది ఉండదు. బాఖరాఖ్‌లో నేను నాలుగు మాటలు మాట్లాడింది రైన్ వెంబడి సైకిళ్ల మీద తమ దేశం వైపు పోతున్న ఒక డచ్ వృద్ధ దంపతులతోనే. ఎదుటి ఒడ్డు రైళ్ల చప్పుడు తక్కువ వినిపించే ఊళ్లేవో వారికి పూర్తిగా కంఠస్థం.

ప్రైవేటు హాస్టళ్ల తీరు వేరు. తువ్వాలుకు వేరే డబ్బు, ఫలహారానికి వేరే డబ్బు, లాకరుకు తాళంకప్ప మనమే తెచ్చుకోవాలి, స్నానాల గది ఎంత శుభ్రంగా ఉందన్నది ఆ పూట అదృష్టం. కానీ వంటగది ఉంటుంది. సాయంత్రం ఏడు గంటలకు ఆ వంటగదిలో రెండు పొయ్యిల కోసం నలుగురు నిలబడి ఉన్నప్పుడు పరిచయాలు వాటంతట అవే జరుగుతాయి. అందుకే ఇప్పుడు నేను హాస్టల్ ఎంచుకునేటప్పుడు పడక ఫొటోలు కాక, వంటగదిలో కూర్చుని తినడానికి పెద్ద బల్ల ఉందా లేదా అని చూస్తున్నాను.

ఈ లెక్కకు లొంగనిది న్యూరెంబర్గ్ కోటలోని వసతిగృహం. 1494, 1495 సంవత్సరాల్లో ధాన్యాగారంగా కట్టి, తర్వాత చక్రవర్తి గుర్రాల సాలగా వాడిన పెద్ద భవనం అది. రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిన్నాక పునర్నిర్మించారు. అక్కడ వంటగది లేకపోయినా, ఉదయపు ఫలహారం దగ్గర బల్లలు పొడవుగా ఉండటంవల్ల ఎవరో ఒకరి పక్కన కూర్చోక తప్పదు. చిలీ నుంచి వచ్చిన ఒక నర్సు, తైవాన్‌లో పుస్తకాల దుకాణంలో పనిచేసే ఒక యువతి, ఇద్దరు పోలండు విద్యార్థులు, నేను కలిసి రేగెన్స్‌బర్గ్‌కు బయెర్న్ టికెట్ కొన్నాం. దానిమీద ప్రయాణించే ప్రతివారి పేరూ రాయాలి. నర్సు తన పెన్నుతో వరుసగా రాసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. పాస్‌పోర్టులో ఉన్న ఇంటిపేరూ, అసలు పేరూ, దానికి తగిలించిన మా తాతగారి పేరూ కలిసి ఆ గడిలో పట్టే అవకాశమే లేదు. చివరికి రెండు వరుసల్లో చీమల బారులా రాసింది. రైల్లో టీసీ ఆ వరుసలను చూసి, నా పాస్‌పోర్టు చూసి, మళ్లీ వరుసలను చూసి, ఏమీ అనకుండా నవ్వి ముందుకు వెళ్లిపోయాడు.

రేగెన్స్‌బర్గ్ ఆ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఊరు. డాన్యూబ్ నది మీద పన్నెండో శతాబ్దంలో కట్టిన రాతి వంతెన ఇంకా నిలిచి ఉంది, పాత పట్టణమంతా నడకదూరంలోనే ఉంటుంది, న్యూరెంబర్గ్ అంతటి రద్దీ లేదు. అయితే ఐదుగురికి ఒకే కాగితం ఉండటంలోని ఇబ్బంది అక్కడ తెలిసింది. టికెట్టు నర్సు దగ్గర ఉంది, ఆమె లేకుండా ఎవరూ తిరుగు రైలు ఎక్కడానికి లేదు. వంతెన ఈవలి కొసన కలుసుకోవాలని అనుకున్నాం, పోలండు పిల్లలు వంతెన పక్కనున్న పాత సాసేజీల దుకాణం వరుసలో ఇరుక్కుపోయారు, రైలు వెళ్లిపోయింది. గంట వరకు మరో బండి లేకపోవడంతో నది ఒడ్డున కూర్చుని వాళ్లు తెచ్చిన రొట్టెలు పంచుకున్నాం. శాకాహారినని నేను చెప్పినప్పుడు, రొట్టెలో ఆవపిండి ముద్ద మాత్రం రాసి ఇచ్చారు. అది బాగానే ఉంది.

రైళ్ల గురించి ఇంకో రెండు సంగతులు చెప్పాలి. కొన్ని ప్రాంతీయ రైళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. ముందు పెట్టెలు ఒక ఊరికి, వెనక పెట్టెలు మరో ఊరికి పోతాయి. ఎక్కే ముందు పెట్టె మీద వెలిగే ఊరి పేరు చదవాలి. ప్రకటన జర్మన్‌లో వచ్చినప్పుడు పక్కనున్నవారు ఒక్కసారిగా సామాన్లు తీసుకుని లేస్తే, మనమూ లేచి అడగడం మంచిది. రెండోది ఆలస్యం. జర్మనీ రైళ్లు గడియారం లెక్కన నడుస్తాయన్నది పాత పేరు. 2024లో దూరప్రయాణపు రైళ్లలో మూడో వంతుకు పైగా ఆలస్యంగా నడిచాయి. ముందే చవకగా కొన్న టికెట్టు మామూలుగా ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. గమ్యం చేరడానికి 20 నిమిషాలు లేదా అంతకు మించి ఆలస్యమవుతుందని తేలితే ఆ కట్టుబాటు పోయి వేరే రైలు ఎక్కవచ్చు. గంట దాటితే టికెట్టు ధరలో నాలుగో వంతు, రెండు గంటలు దాటితే సగం తిరిగి అడగవచ్చు.

తెలుగువారు జర్మనీలో తప్పక చూడవలసిన ఊరు హాలె అని నా అభిప్రాయం, కానీ అక్కడికి ఎవరూ పోరు. లైప్‌జిగ్ నుంచి లోకల్ రైల్లో అరగంటకు కొంచెం పైన పడుతుంది. మద్రాసులో తెలుగు నేర్చుకుని వ్యాకరణం రాసిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ స్వదేశానికి తిరిగివెళ్లి, తెలుగు అక్షరాలు పోతపోయించి, 1746లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించింది ఈ ఊళ్లోనే. ఆ మిషనరీలను తయారుచేసిన ఫ్రాంకె సంస్థ భవనాలు ఇప్పటికీ ఉన్నాయి. పై అంతస్తులోని వింతవస్తువుల గదిలో, పైకప్పునుంచి వేలాడుతున్న మొసలి కింద, చిత్రాలు వేసిన చెక్క అలమరల్లో దేశదేశాల నుంచి వచ్చిన వస్తువులుంటాయి.

ఆ రైల్లో అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్న ఒక ఖమ్మం కుర్రాడు కనిపించాడు. మాగ్డెబర్గ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఫోన్ పెట్టేసి, నా సంచి చూసి, "అన్నా, హాస్టల్లో పన్నెండుమందితో పడుకోవడానికి రోజుకు ముప్పై యూరోలా? నేను నెలంతా ఉండే గదికే మూడొందలు," అని ఆశ్చర్యపోయాడు. అచ్చుపుస్తకాల సంగతి చెబితే నమ్మలేదు. తన బండి మానుకుని నాతో దిగి, ఆ గదంతా తిరిగి, బయటికి వచ్చాక, "మా యూనివర్సిటీలో తెలుగువాళ్లం ఇంతమందిమి ఉన్నాం, ఒక్కడికీ తెలియదు అన్నా," అన్నాడు. విశ్వవిద్యాలయం కార్డులోనే రైలు పాసు ఉన్నవాడు కనుక దిగడం, ఎక్కడం అతనికి ఖర్చు కాదు.

డ్రెస్డెన్ నగరాన్ని నేను త్వరగా దాటేశాను. పునర్నిర్మించిన ఫ్రౌఎన్‌కిర్ఖె చర్చి చూసి, మర్నాడే ఎస్1 లోకల్‌లో రాటెన్ చేరాను. అక్కడ ఎల్బ నదిని దాటించే పడవకు ఇంజను లేదు. నదిలో లంగరు వేసిన పొడవాటి తీగకు కట్టిన పడవను ప్రవాహమే ఆవలి ఒడ్డుకు నెడుతుంది. అక్కడినుంచి బాస్టై శిలల దాకా ఎక్కాలి. నదికి 194 మీటర్ల ఎత్తున ఉన్న ఆ శిలల మధ్య 1851లో కట్టిన రాతి వంతెన ఉంది. పదకొండు గంటలకల్లా బస్సుల్లో వచ్చిన జనంతో అది నిండిపోతుంది, కాబట్టి ఎనిమిదింటికే పైకి చేరాలి. నాకు తోడు దొరికింది మాత్రం వంతెన మీద కాదు, కింద అడవి బాటలో. డ్రెస్డెన్ కుర్రాళ్లు ముగ్గురు రాళ్లెక్కడానికి పోతున్నారు. ఇక్కడి ఇసుకరాయి మెత్తన కనుక పగుళ్లలో లోహపు సాధనాలు పెట్టడం నిషిద్ధమట. బదులుగా ముడివేసిన తాళ్లను పగుళ్లలో దూర్చి వాటిమీదే భారం వేస్తారు. ఒకడు పిడికిలంత ముడిని నా చేతిలో పెట్టి, బండ సందులో బిగించి లాగి చూడమన్నాడు. బలమంతా పెట్టి లాగినా అది కదలలేదు. రాత్రికి రాతి చూరు కింద పడుకుంటామన్నారు. గుర్తించిన చోట్లలో అది పాత ఆచారం, పక్షులు గూడుకట్టే వసంతంలో మాత్రం నిషేధం.

తిండి విషయం క్లుప్తంగా: ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసి ఉంటాయి, పెద్ద స్టేషన్లలోని దుకాణాలే దిక్కు, శనివారం సాయంత్రమే బియ్యం, పప్పు, కూరలు కొనిపెట్టుకోవాలి. శాకాహారులకు టర్కీవారి దుకాణాల్లోని ఫలాఫెల్ ప్రతి ఊళ్లోనూ ఆదుకుంటుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకు, పానీయపు డబ్బాకు 25 సెంట్లు ధరావతు తీసుకుంటారు. ఖాళీవి సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుంది.

బెర్లిన్ చివరి మజిలీ. అక్కడి పెద్ద హాస్టళ్లలో వందలకొద్దీ మంచాలు, కింద మద్యశాల, ప్రతి మంచానికీ తెర, తెర లోపల దీపమూ ప్లగ్గూ ఉంటాయి. సదుపాయాల పరంగా ఆ ప్రయాణంలో అవే మేలైనవి. కానీ అందరూ తెర లాక్కుని ఫోన్లు చూసుకుంటారు, కింది మద్యశాలలోకి గుంపులు గుంపులుగానే వస్తారు. నగరం లోపల తిరగడానికి ఒకరోజు పాసు విడిగా దొరుకుతుంది కనుక టికెట్టు పంచుకునే అవసరం కూడా ఎవరికీ లేదు. మళ్లీ వెళితే బెర్లిన్‌ను మధ్యలో పెట్టుకుని, ఆఖరి రోజులు రేగెన్స్‌బర్గ్‌కో రాటెన్‌కో కేటాయిస్తాను; సెప్టెంబరు ద్వితీయార్ధంలో అయితే మ్యూనిక్ బీరు ఉత్సవం వల్ల బవేరియా అంతటా మంచాల ధరలు పెరుగుతాయి కాబట్టి, మే నెలలోనో జూన్ మొదట్లోనో బయలుదేరతాను.